బంగారు అంగళ్ల ఊళ్లో నేనొక పికాచు

నేనొక కార్డును. అడ్డం 63 మిల్లీమీటర్లు, నిలువు 88. చొక్కా జేబులో ఇమిడిపోతాను. కాగితాన్ని కాదు, లోహాన్ని. పచ్చగా మెరుస్తుంటాను కాబట్టి నన్ను చూసినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "బంగారమా?" కాదు. రంగు బంగారానిది, ఒళ్లు మామూలు లోహానిది. నా మీద చెక్కిన బొమ్మ పికాచుది. పోకెమాన్ అనే జపాన్ ఆటలో బుగ్గల్లో కరెంటు దాచుకునే ఎలుక.

2021 అక్టోబరులో, పోకెమాన్‌కు పాతికేళ్లు నిండిన సందర్భంగా, అమెరికా అంగళ్లలోకి ఒక పెద్ద పెట్టె వచ్చింది. 'సెలబ్రేషన్స్' వరుసలో అన్నిటికన్నా ఖరీదైన పెట్టె అది. వెల 119 డాలర్ల 99 సెంట్లు. అందులో కాగితం కార్డుల పొట్లాలతో పాటు రెండు లోహపు కార్డులు పెట్టారు. ఒకటి నిప్పులు కక్కే చారిజార్డ్, రెండోది నేను. పుట్టుకతోనే మాకొక కట్టుబాటు ఉంది: పోటీల్లో మమ్మల్ని ఆడించకూడదు. అది న్యాయమే. కట్ట కలిపి బోర్లా పెడితే, లోహపు ముక్క ఎక్కడుందో చూడకుండానే వేలికి తెలిసిపోతుంది. ఆడటానికి పుట్టిన బొమ్మను మోస్తూ ఆడలేని ఒంటితో బతకాలి నేను. అయితే నేనెందుకు? ఈ ప్రశ్నకు జవాబు నాకు కడప జిల్లాలో దొరికింది.

ముందు మా వంశం గురించి చెప్పాలి. మా మూలం కాగితం. పోకెమాన్ కార్డులు 1996 అక్టోబరులో జపాన్‌లో మొదలయ్యాయి. 1999 జనవరిలో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే సంస్థ వాటిని ఇంగ్లిషులో అచ్చువేసింది. ఆ తొలి సెట్టులో 102 కార్డులు, వాటిలో పికాచుది 58వ నంబరు. పికాచు రూపాన్ని మొదట తీర్చినది అత్సుకో నిషిదా అనే చిత్రకారిణి. తొలి కార్డు మీద గీసినది మిత్సుహిరో అరీతా. ఆ కార్డులో పికాచుకు ప్రాణబలం నలభయ్యే. పిడుగు విసిరితే ఎదుటివాడికి ముప్పై దెబ్బ. విసిరే ముందు నాణెం ఎగరేయాలి. బొరుసు పడితే తనకూ పది దెబ్బ తగులుతుంది. చిన్న ప్రాణం, పెద్ద తెగువ. పిల్లలు దాన్ని ప్రేమించింది అందుకే. చారిజార్డ్ లాగా అరుదైన కార్డు కాదది, ఎవరికైనా దొరికేది. జేబుల్లో నలిగింది, అంచులు తెల్లబడ్డాయి, బడి మెట్ల మీద చేతులు మారింది. అమెరికాలో ఎన్నో బడులు ఈ కార్డులను గేటు దగ్గరే ఆపేశాయి. అయినా పిల్లలు దాచుకుని తెచ్చుకున్నారు.

లోహపు కార్డులు నాతో మొదలు కాలేదు. బేస్‌బాల్ కార్డులకు పేరుపడ్డ టాప్స్ సంస్థ 1984 నుంచి తన కార్డులకు కంచు, వెండి నకళ్లు చిన్న కొలతలో పోసింది. 1999లో మొదటి పోకెమాన్ సినిమా అమెరికాలో విడుదలైనప్పుడు బర్గర్ కింగ్ హోటళ్లు 23 క్యారట్ల బంగారు పూత వేసిన కార్డులను అమ్మాయి. పికాచు, చారిజార్డ్, మ్యూటూ, జిగ్లీపఫ్, పోలీవర్ల్, టోగెపీ, మొత్తం ఆరు. 2016లో ఇరవయ్యేళ్ల పండగకు జపాన్‌లో గింజా తనకా నగల సంస్థ 11 గ్రాముల మేలిమి బంగారంతో పికాచు కార్డు చేసి 2,16,000 యెన్లకు అమ్మింది. మన లెక్కలో తులం మీద ఒక గ్రాము. నా తర్వాత 2023లో మ్యూ అనే పోకెమాన్ కూడా లోహానికెక్కింది. వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ఏ బొమ్మా ముందుగా లోహంలో పుట్టలేదు. కాగితం మీద పుట్టి, పిల్లల చేతుల్లో నలిగి నిలిచినదానికే లోహపు ఒళ్లు దక్కింది.

నన్ను కొన్నది డాలస్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే పులివెందుల అబ్బాయి. 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో పోకెమాన్ మొదలైనప్పుడు అతను బడి పిల్లోడు. సాయంత్రం బడి నుంచి పరుగున వచ్చి టీవీ ముందు కూర్చునేవాడు. కరెంటు పోతే ఆ రోజు కథ పోయినట్టే. అప్పట్లో అసలు కార్డు పులివెందులలో ఎక్కడా కంటికి కనిపించేది కాదు. పెద్దవాడై, సొంత సంపాదన చేతికొచ్చాక ఆ పెట్టె కొన్నాడు. నన్ను బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఊరికి తెచ్చాడు, ప్రొద్దుటూరులో ఉన్న తన అక్క కొడుక్కి ఇవ్వాలని.

పులివెందులలో సూట్‌కేసు తెరవగానే వాళ్లమ్మ కంటపడ్డాను.

"ఏందిరా ఇది? అంత దూరం నుంచి పేకముక్క తెచ్చినావా?"

"పేకాట గాదుమా, పిల్లోళ్ల బొమ్మల కార్డు."

"కార్డులంటే కార్డులే. పిల్లోనికి అలవాటు జేస్తావా?"

ఆమె భయం ఉత్తది కాదు. పేకాటలో చేను పోయిన ఇళ్లు, తాళిబొట్టు తాకట్టుకెళ్లిన ఇళ్లు ఆమెకు తెలుసు. అమెరికాలో బడి గేటు దగ్గర నా కాగితం పెద్దలను ఆపిన టీచర్ల భయం కూడా ఇదే జాతిది. బలమైన పిల్లోడు చిన్నపిల్లోడి చేతిలోది మాయమాటలతో లాక్కుంటాడని వాళ్ల దిగులు. ఆ పెద్దావిడ నన్ను చేతిలోకి తీసుకుని పికాచు చెవులను వేలితో తడిమింది. "కుందేలా?" అని అడిగింది. "ఎలుక" అన్నాడు కొడుకు. "వినాయకుని వాహనం" అని దేవుడి పటం ముందు పెట్టి, కుంకుమబొట్టు పెట్టింది. అంచు మీది గాడిలో ఆ ఎరుపు ఇప్పటికీ రవ్వంత మిగిలింది.

అక్కడి నుంచి పిల్లోడి దగ్గరికి చేరిన ప్రొద్దుటూరు వేరే లోకం. ఈ ఊరిని రెండో బొంబాయి అంటారు. పెన్న ఒడ్డున ఉన్న ఈ ఊరికి బంగారం కోసం చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు. పెళ్లి కుదిరితే ముందు బంగారు అంగళ్ల వీధి, తర్వాతే బట్టల అంగడి. దసరాకు అమ్మవారిశాలలో వాసవీ కన్యకాపరమేశ్వరికి చేసే అలంకారాలు చూడటానికి ఊరు ఊరంతా కదిలివస్తుంది. ఇక్కడ లోహాన్ని చూసే కన్ను వేరు. వన్ గ్రామ్ గోల్డ్ ఏదో, గిల్టు ఏదో, 22 క్యారట్ల నగ ఏదో గడప దాటకముందే చెప్పేవాళ్లున్నారు.

పిల్లోడి నాయన ఒక నగల అంగడిలో లెక్కలు రాస్తాడు. అక్కడ పనిచేసే పెద్దాచారి ముందు నన్ను పెట్టాడు. ఆయన ముందుగా కళ్లద్దాలు సవరించుకోలేదు, రాయి తీయలేదు. అరచేతిలో పెట్టుకుని మెల్లగా ఎగరేశాడు.

"ఇది మన సరుకు గాదప్పా" అన్నాడు.

ఆ చేతికి ఆ లెక్క తెలుసు. ఒకే కొలత ముక్కలు రెండు చేస్తే, బంగారం ఇనుముకన్నా రెండింతలకు పైగా బరువు తూగుతుంది. నాలో ఆ బరువు లేదు. పిల్లోడు మొహం వేలాడేశాడు. "గీటురాయి మీద గీసి చూడు తాతా" అని పట్టుబట్టాడు.

"గీస్తే ఏమొస్తాది నాయనా? గీత పడి బొమ్మ పోతాది. ఈ పనోడు ఉలి పట్టినాడో మిషన్ పట్టినాడో గానీ ఈ తోక చూడు, ఈ మెరుపు గీతలు చూడు. నగ కరిగిస్తే బంగారం మిగులుతాది. దీన్ని కరిగిస్తే ఏమీ మిగలదు. దీని విలువంతా బొమ్మలోనే ఉండాది. ఎప్పుడూ కరిగించగాకు."

నా గురించి అంత నిజం చెప్పినవాళ్లు అంతకుముందు లేరు. ఆ అంగడిలో ప్రతి వస్తువుకూ రెండు వెలలుంటాయి, లోహానిదొకటి, కూలిదొకటి. పాత నగ మార్చేటప్పుడు కూలి పోతుంది, లోహం నిలుస్తుంది. నా విషయంలో అది తలకిందులు. లోహానికి వెల లేదు. గీసిన చెయ్యికీ, ఆ గీతను ప్రేమించిన పిల్లలకూ ఉంది.

బడి దగ్గర పుస్తకాల అంగట్లో 'గోల్డ్ కార్డులు' వేలాడతాయి. బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ పోకెమాన్ ముక్కలు, యాభై అరవై ఒక డబ్బాలో. అసలు సంస్థ అచ్చువేసినవి కావు. ఆ సంగతి పిల్లలకు తెలియాలి, ఎందుకంటే వాటిని అసలువని నమ్మించి ఎక్కువ రేటుకు అంటగట్టేవాళ్లున్నారు. నకలును నకలని చెప్పి అమ్మితే తప్పులేదు. గిల్టు నగను గిల్టని చెప్పి అమ్మే వ్యాపారి ఈ ఊళ్లో తలెత్తుకుని తిరుగుతాడు. మోసం ఉండేది మాటలో, వస్తువులో కాదు.

ఆ ప్లాస్టిక్ ముక్కలతో పిల్లలు ఏం చేస్తారో నేను చూశాను. విరామంలో చెట్టు కింద కూర్చుని నియమాలు తామే అల్లుకుంటారు. ఎవడి పోకెమాన్‌కు ప్రాణబలం ఎక్కువైతే ముక్క వాడిది. ఒకడు తన రెండు ముక్కలిచ్చి ఎదుటివాడి ఒక్కటి తీసుకుంటాడు. తమ్ముడికి జ్వరమొస్తే వాడికిష్టమైనది ఉత్తినే ఇచ్చేస్తాడు. బేరం, సర్దుబాటు, మాట నిలబెట్టుకోవడం, అన్నీ ఆ చెట్టు కిందే నేర్చుకుంటున్నారు. నన్ను మాత్రం గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి చూపిస్తారు, ముట్టుకోనివ్వరు. వాళ్ల చేతుల్లో నలిగే ముక్కలను చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. మా వంశాన్ని ముందుకు నడిపేది అవే.

వేసవి సెలవుల్లో పిల్లోడితో జమ్మలమడుగు వెళ్లాను, వాళ్ల అత్త ఇంటికి. పక్కింట్లో రిటైరైన డ్రాయింగు మాస్టారు ఉన్నారు. ఆయన నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "మన దగ్గర ఇట్లాంటివి ఎప్పుడో ఉన్నాయి నాయనా, నొస్సంలో" అన్నారు.

నొస్సం జమ్మలమడుగుకు ఉత్తరాన, నంద్యాల వైపు. 2016లో మొదలైన ఎర్రగుంట్ల–నంద్యాల రైలు దారిలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దాటాక ఆ స్టేషను వస్తుంది. ఒకప్పుడు ఆ ఊరి చిత్రకారులు గంజీఫా అనే పాతకాలపు ఆట ముక్కలకు పేరుపడ్డారు. గంజీఫా ముక్క గుండ్రంగా ఉంటుంది. 1527లో బాబరు సింధులోని మిత్రుడికి ఈ ముక్కలు పంపినట్టు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మొగలుల ఆట 96 ముక్కలది. మనవాళ్లు దానిలోకి దశావతారాలను తెచ్చి 120 చేశారు. పది అవతారాలు, ఒక్కో దానికి రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెల ముక్కలు. పగలు ఆడితే రాముడి రాజుతో ఆట మొదలు, రాత్రయితే కృష్ణుడి రాజుతో.

మాస్టారు చెప్పిన ఇంకొక మాట నా మనసులో నాటుకుపోయింది. గంజీఫాలో రెండు తరగతులుండేవి. బజారు కలం, దర్బారు కలం. బజారు ముక్కలు గుడ్డ పొరలకు చింతగింజల జిగురు పట్టించి, గట్టిపరిచి, రంగులేసి, లక్క పూసినవి. సామాన్యుల అరుగుల మీద ఆడినవి. దర్బారు ముక్కలు ఏనుగు దంతంతో, తాబేటి చిప్పతో, ముత్యపు చిప్పతో చేసినవి. కొన్నిటికి బంగారు వెండి పనితనం ఉండేది. రాజులకూ నవాబులకూ కానుకలుగా వెళ్లినవి. బొమ్మలు అవే, చేప అదే, తాబేలు అదే. ఒళ్లే వేరు.

అంటే నేను దర్బారు కలం. నా కాగితం పెద్దలు బజారు కలం. నా ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. జనం ఒక బొమ్మతో ఆడి ఆడి తమదిగా చేసుకున్నాక, దాన్ని కాలానికి అందకుండా దాచుకోవాలనిపిస్తుంది. అప్పుడు లోహం కావాలి. ఈ సీమకు ఇది కొత్త కాదు. తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య పదాలు ముందు నోళ్లలో పాడుకున్నవి, తర్వాత తిరుమలలో రాగిరేకులకెక్కినవి. రేకుల వల్ల పాట నిలిచింది. పాట వల్లే రేకులకు విలువ వచ్చింది.

దర్బారు ముక్కలు ఇవాళ మ్యూజియం అద్దాల వెనక భద్రంగా ఉన్నాయి. నొస్సం అరుగుల మీద ఆట మాత్రం లేదు. దంతం నిలిచి ఆట పోతే, నిలిచినదాన్ని చూసి చదవగలవాళ్లు కూడా ఒక్కొక్కరే తగ్గిపోతారు. మహారాష్ట్రలోని సావంత్‌వాడిలో రాజకుటుంబం పూనుకుని ఆ చిత్రకళను నిలబెట్టింది. అక్కడ ఇప్పటికీ గంజీఫా గీస్తున్నారు, కొంటున్నారు. అది ఇక్కడా సాధ్యమే.

అందుకని నన్ను పెట్టెలో దాచుకున్న పిల్లోడికీ, వాడి వయసు పిల్లలందరి పెద్దలకూ ఒక మాట చెబుతాను. మీకు ప్రియమైన బొమ్మకు ముందు ఆడే ఒళ్లు ఇవ్వండి. పిల్లల చేతిలో కాగితం కార్డు నలిగితే కోప్పడకండి. డబ్బు పందెం లేకుండా ఆడటం నేర్పండి, కార్డును చూసి పేకాట అని భయపడే అవ్వకు ఆట విప్పి చూపించండి. ప్రొద్దుటూరులో అచ్చు యంత్రాలున్నాయి, జమ్మలమడుగులో బొమ్మలు గీసే మాస్టార్లున్నారు, పులివెందుల నుంచి వెళ్లినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. నొస్సం దశావతారాలను అట్టముక్క మీద చవగ్గా అచ్చువేసి, నియమాలు తెలుగులో రాసి, ఒక్క తరానికి ఆడుకోనివ్వండి. ఆ పిల్లలు పెద్దవాళ్లయి, ఆ మత్స్యాన్నో ఆ కూర్మాన్నో లోహంలో పోయించుకోవాలని పెద్దాచారి అంగడికి వచ్చే రోజు ఉంటుంది. ఆ ముక్క పక్కన నాకు చోటిస్తే చాలు.