ప్రహరీ లోపలి పర్యావరణం

హైదరాబాద్ పడమటి అంచున, ఔటర్ రింగు రోడ్డుకు అటూ ఇటూ పెరిగిన గేటెడ్ కమ్యూనిటీ అనేది ఆరోగ్యాన్నీ పర్యావరణాన్నీ చదరపు అడుగుల లెక్కన అమ్మే ఏర్పాటు. చుట్టూ ఎత్తయిన ప్రహరీ, ముందు సెక్యూరిటీ గది, లోపల ఈత కొలను, పచ్చిక, మెత్తటి రబ్బరు పరిచిన నడక దారి దీని ప్రధాన లక్షణాలు. బ్రోచర్‌లో వీటితో పాటు రెండు కొంగలు, ఒక నెమలి, సైకిళ్ల మీద నవ్వుతూ వెళ్లే ఒక కుటుంబం అదనం. ఇందులో ఫ్లాటు కొన్నవాళ్లు ఆరోగ్యంగా ఉంటారనీ, వాళ్ల పుణ్యమా అని భూగోళం కూడా కాస్త తేరుకుంటుందనీ అమ్మకందారుల సిద్ధాంతం. మొదటి సగాన్ని కాదనడానికి లేదు. కొలను ఉన్నచోట ఈదేవాళ్లూ ఉంటారు. రెండో సగం మాత్రం ప్రహరీ ఎత్తును బట్టి నిలుస్తుంది. గోడ అవతల ఏం జరుగుతోందో కనిపించనంత కాలం దానికి ఢోకా లేదు.

ఈ ఏర్పాటుకు మొదట కావలసింది చెరువు. దక్కను పీఠభూమి మీద వాన కురిసేది నాలుగు నెలలే. మిగతా ఎనిమిది నెలలు గడవాలంటే ఆ నీటిని పట్టి ఆపుకోవాలి. అందుకే వాలు వెంట ఒకదాని కింద ఒకటిగా చెరువులు కట్టుకున్నారు. పై చెరువు నిండితే అలుగు పారి కాలువ గుండా కింది చెరువుకు, అది నిండితే దాని కిందిదానికి. నిండు చెరువులో నీరు తాకే గీత ఎఫ్‌టీఎల్. నీళ్లు తగ్గినప్పుడు బయటపడే శిఖం భూమిలో రైతులు ఒక పంట తీసుకుని, వానాకాలానికి ఆ నేలను తిరిగి చెరువుకు అప్పగించేవారు. తిరిగి అప్పగించడమనే ఈ ఆచారం రియల్ ఎస్టేటుకు అంతుబట్టలేదు. మే నెలలో కొలతకు వచ్చినవారికి చెరువు చాలా వినయంగా కనిపించింది. ఎండిన నేల ఉంది, దానికో సర్వే నంబరు ఉంది, కొనేవాళ్లున్నారు. ఇంకేం కావాలి?

నిబంధనలు లేకపోలేదు. పది హెక్టార్లకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. ఆ 30 మీటర్లను ఎక్కడి నుంచి కొలవాలన్నదే మొత్తం విద్య. గీత ఎటు జరిగితే బఫర్ అటు జరుగుతుంది. గీతను ఎవరు గీస్తారో వాళ్లే నగరానికి అసలు శిల్పులు. చెరువు వైపు తిరిగిన బాల్కనీకి అదనంగా ధర కడతారు కాబట్టి, చెరువు ఎంత దగ్గరగా ఉంటే పర్యావరణం అంత ఖరీదవుతుంది. చెరువులోనే కడితే ఇక చెప్పేదేముంది.

చెరువులకు సర్వే నంబర్లు తెలియవు. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు నీళ్లు పాత దారులనే వెతుక్కుంటూ వచ్చాయి. 2020 అక్టోబరులో మళ్లీ వచ్చాయి. గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి బెంగళూరు హైవే మీద వాహనాలు కొట్టుకుపోయాయి, మనుషులూ పోయారు. ఇలాంటప్పుడు పత్రికలు 'కాలనీల్లోకి చెరువు' అని రాస్తాయి. ఎవరు ఎవరింట్లోకి వచ్చారన్నది తేలని తగువు. 2024 జులైలో ప్రభుత్వం చెరువుల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా అనే సంస్థను పెట్టి కూల్చివేతలు మొదలెట్టాక మరో విషయం బయటపడింది. కూలిన కట్టడాల్లో కొన్నింటికి ప్రభుత్వమే ఇచ్చిన అనుమతులున్నాయి, రిజిస్ట్రేషన్లున్నాయి, కరెంటు మీటర్లున్నాయి, ఆస్తి పన్ను రశీదులున్నాయి. లేనిది ఒక్కటే, నేల. చెరువు గట్టున గుడిసె వేసుకున్న కూలీకి ఈ కాగితాల్లో ఒక్కటీ ఉండదు. అందుకే అతనిది ఆక్రమణ, పక్కనున్న పదిహేను అంతస్తులది వెంచరు.

చెరువును కాపాడాల్సిన అవసరమే లేదని తేల్చే సులువైన పద్ధతి కూడా ఒకటుంది. 1908 సెప్టెంబరు మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత, విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపాయి, దశాబ్దాల పాటు నగరానికి తాగునీరు ఇచ్చాయి. 1996 మార్చిలో వచ్చిన జీవో 111 ఈ రెండింటి చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలనూ భారీ నిర్మాణాలనూ కట్టడి చేసింది. ఫాంహౌస్‌ల పెరుగుదలను అది పెద్దగా కట్టడి చేయలేదు, ఆ సంగతి పక్కన పెడదాం. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. నగరం ఇప్పుడు ప్రధానంగా కృష్ణా, గోదావరి నీళ్లే తాగుతోంది కాబట్టి ఈ జలాశయాల మీద ఆధారపడటం నామమాత్రమన్నది దాని తర్కం. ఇంటి బావిని చెత్తతో నింపి, ఆపైన బావి అక్కర్లేదని నిరూపించడంలో లోపం వెతకడం కష్టం. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి నూరు కిలోమీటర్లకు పైగా, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి అంతకన్నా దూరం, కరెంటు మోటార్ల మీద ఎత్తులెక్కుతూ రావాలి. అలా వచ్చిన నీటితో తడిసే లాన్‌కు బ్రోచర్ పెట్టిన పేరు సుస్థిర జీవనం.

ఆ నీళ్లూ చాలవు. పడమటి హైదరాబాద్ నేల కింద గట్టి గ్రానైటు. నీరు నిలిచేది దాని పైనున్న మెత్తబడ్డ పొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే. ఇసుక నేలల్లా అడుగు తవ్వితే ఊరే భూమి కాదిది. ఒకే పగులు మీద నాలుగు సొసైటీలు బోర్లు దింపితే, వెయ్యి అడుగుల లోతున దొరికేది దుమ్మే. అప్పుడు ట్యాంకర్లు వస్తాయి. ఐదు వేల లీటర్లవి, పది వేల లీటర్లవి, తెల్లవారకముందే గేటు బయట బారులు తీరతాయి. ప్రైవేటు ట్యాంకర్లలో చాలావాటికి మూలం శివారు ఊళ్లలో ఒకప్పుడు వరి పండించిన పొలాల బోరుబావులు. ఆ ఊరి ఆడవాళ్లు వేసవిలో బిందెలతో నిలబడటానికీ, ఈ కొలనులో నీళ్లు నీలంగా మెరవడానికీ మధ్య ఉన్న సంబంధం బ్రోచర్‌లో అచ్చు కాలేదు. స్థలాభావం కావచ్చు.

వచ్చిన నీళ్లు ఎక్కడికో పోవాలి కదా. ఇరవై వేల చదరపు మీటర్లకు మించి కట్టే ప్రాజెక్టులు 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి తీసుకోవాలి. మురుగును శుద్ధి చేసే ఎస్‌టీపీ పెట్టుకోవడం అందులో మామూలు షరతు. దాన్ని సరిగ్గా నడిపితే ఇంతకంటే మేలైన పని మరొకటి లేదు. శుద్ధయిన నీటిని ఫ్లష్‌లకూ తోటకూ వాడితే ట్యాంకర్లు బాగా తగ్గుతాయి. కానీ ఎస్‌టీపీ సెల్లార్ మూలన ఉంటుంది, వాసన వేస్తుంది, రోజంతా కరెంటు తింటుంది. పైగా దాన్ని చూపించి ఫ్లాటు అమ్మలేరు. కొన్నిచోట్ల అది తనిఖీ రోజుల్లోనే మేలుకుంటుంది. మిగతా రోజుల్లో మురుగు నాలా పట్టి, బాల్కనీలోంచి చూడటానికి అదనంగా డబ్బు కట్టిన ఆ చెరువులోకే చేరుతుంది. ఆ తర్వాత చెరువులో గుర్రపు డెక్క పరుచుకుంటుంది. దూరం నుంచి చూస్తే అదీ పచ్చదనమే. ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీళ్లిచ్చిన దుర్గం చెరువు చుట్టూ ఇప్పుడు అద్దాల మేడలు లేచాయి. చెరువును దాటే వంతెన మీద రాత్రిపూట రంగురంగుల దీపాలు వెలుగుతాయి. నీళ్ల సంగతి ఎవరూ అడగరు, ఫొటోలు బాగా వస్తాయి.

చెత్త విషయం తొందరగానే తేలిపోతుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఐదు వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తనూ పొడి చెత్తనూ వేరు చేయాలన్నాయి. తడి చెత్తను వీలైనంత వరకు ఆవరణలోనే ఎరువుగా మార్చాలన్నాయి. 'వీలైనంత వరకు' అన్న ఈ మాటలో ఎంతో కరుణ ఉంది. ఆ కరుణ అంతా జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల ఇళ్లవాళ్ల ముక్కుకు చేరుతుంది.

చెట్ల ఎంపికలో ఒక క్రమం కనిపిస్తుంది. వేప ఆకులు రాలుస్తుంది, కార్లు పాడవుతాయి. చింత పెరగడానికి తరాలు పడుతుంది, రావి వేళ్లు గోడలు చీలుస్తాయి. నేరేడు పండు టైల్స్ మీద మరక చేస్తుంది. కాబట్టి రాయల్ పామ్ నాటుతారు. అది నిలువుగా, బుద్ధిగా, ఎవరికీ నీడ ఇవ్వకుండా నిలబడుతుంది. దాని కింద నిలబడగలిగేది వాచ్‌మన్ ఒక్కడే, అదీ అతని పని కాబట్టి. రోడ్ల డివైడర్ల మీద కొన్నాళ్లు కోనోకార్పస్ రాజ్యమేలింది. తొందరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు, ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. దాని పుప్పొడి మీదా, నీళ్ల పైపుల దాకా పోయే వేళ్ల మీదా ఫిర్యాదులు వచ్చాకే అధికారులకు దాని మీద మనసు విరిగింది. 2023లో గుజరాత్ దాన్ని నిషేధించింది కూడా. పశువు ముట్టని చెట్టును మనిషి ఎందుకు ముట్టాలన్న ప్రశ్న నాటేటప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఇవన్నీ ఉన్నా లేకపోయినా సర్టిఫికెట్ మాత్రం ఉంటుంది. మన దేశంలో హరిత భవనాలకు సిల్వర్, గోల్డ్, ప్లాటినం అంటూ శ్రేణులిచ్చే పద్ధతికి హైదరాబాద్ పుట్టినిల్లే అనవచ్చు. 2004లో ఇక్కడ రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటర్ అమెరికా బయట లీడ్ ప్లాటినం దక్కించుకున్న మొదటి భవనం. ఆ భవనాన్ని ఆక్షేపించడానికి లేదు. ఆక్షేపణంతా ఆ తర్వాత వచ్చిన 'ప్రీ-సర్టిఫైడ్' బోర్డుల మీదే. నక్షా చూసి, పునాది పడకముందే ఇచ్చే యోగ్యత అది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు ప్లాటినం. కట్టాక అందులో ఎంత నీరు, ఎంత కరెంటు ఖర్చవుతున్నాయో ఏటా గేటు మీద రాసిపెట్టే ఆచారం మాత్రం ఇంకా రాలేదు. అదొక్కటీ మొదలైతే లోహాల పేర్లు చాలావరకు మారిపోతాయి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. డాబా మీద ఎండను తిప్పికొట్టే పూత వేస్తే ఇల్లు చల్లబడుతుందన్నది పరీక్షకు నిలిచిన సంగతే. కానీ డాబాకు తెల్లరంగు వేసి, నాలుగు గోడలకూ అద్దాలు బిగించి, లోపల రోజంతా ఏసీ నడిపితే ఎండకూ ఇంటికీ మధ్య ఒప్పందం కుదిరినట్టు కాదు.

ఇక ఆరోగ్యం. లోపల నడక దారి ఉంది, క్లబ్‌హౌస్ ఉంది, ఉదయం యోగా ఉంది. బయట మాత్రం ఫుట్‌పాత్ లేదు. అందుకే కరివేపాకు కావాలన్నా సెల్లార్‌లోంచి కారు తీయాలి. సాయంత్రం తిరిగొచ్చి, ఆ కారులో కూర్చున్న పాపానికి ట్రెడ్‌మిల్ మీద ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. వ్యాయామాన్ని ఇంతకంటే ఎక్కువ ఇంధనంతో చేయడం సాధ్యం కాదేమో. అదే సమయంలో ఇంటిపనికి వచ్చే ఆవిడ బస్టాపు నుంచి మెయిన్ రోడ్డు అంచున, బురదలో, లారీల పక్కన రెండు కిలోమీటర్లు నడిచొస్తుంది. గేటు దగ్గర సంచీ చూపించి, పనివాళ్లకు కేటాయించిన లిఫ్టు కోసం నిలబడుతుంది. కమ్యూనిటీలో రోజూ నిజంగా నడిచేది ఆవిడే. ఆవిడ ఆరోగ్యం మాత్రం బ్రోచర్ పరిధిలోకి రాదు.

చేయగలిగిన పనులు కొత్తవేమీ కావు. 2002 నాటి వాల్టా చట్టం నుంచీ చెబుతున్న ఇంకుడు గుంతల్లో ఏటా మే నెలలో పూడిక తీయించడం. ఎస్‌టీపీని రాత్రిళ్లు కూడా నడపడం. ఫ్లాటు ఫ్లాటుకూ నీటి మీటరు పెట్టడం. తడి చెత్తతో తోటకు ఎరువు చేయడం. పామ్ చెట్టు ఎండిపోయిన చోట వేప నాటడం. గేటు నుంచి బస్టాపు దాకా దారి వేయించమని కార్పొరేషన్ వెంటపడటం. ఇలా చేసి ట్యాంకర్లను మాన్పించిన సొసైటీలు కొన్ని ఉన్నాయి. వాటి పేర్లు హోర్డింగుల మీద కనిపించవు, ఎందుకంటే అక్కడ అమ్మడానికి ఫ్లాట్లు మిగల్లేదు. మిగతాచోట్ల ఈ అంశాలు వార్షిక జనరల్ బాడీ ఎజెండాలో చివరి వరుసలో ఉంటాయి. ఇంకుడు గుంతల పూడికతీత నిధులు చాలక వచ్చే ఏటికి వాయిదా పడుతుంది. క్లబ్‌హౌస్ ముందు కొత్త ఫౌంటెన్‌కు మాత్రం ఏకగ్రీవంగా ఆమోదం లభిస్తుంది. దానికి నీళ్లు ఎక్కడివని అడిగిన సభ్యుణ్ణి సెక్రటరీ గారు ట్యాంకర్ సబ్‌కమిటీలో వేస్తారు.