బెంజ్ సర్కిల్‌కి రేసు క్లచ్

మా కృష్ణా జిల్లాలో మనిషి స్థాయి తెలుసుకోవాలంటే కాలువ కింద ఎన్నెకరాలున్నాయో అడిగేవారు. ఇప్పుడు కుర్రకారు అడిగేది వేరు: “ఏ స్టేజీ వేయించావ్?” స్టేజ్ వన్ అన్నవాణ్ణి జాలిగా చూస్తారు. స్టేజ్ టూ అంటే కుర్చీ జరుపుతారు. స్టేజ్ త్రీ సిరామిక్ క్లచ్, దానికి తోడు లైట్‌వెయిట్ ఫ్లైవీల్ అన్నవాడికి టీ కూడా వాళ్లే తెప్పిస్తారు. ఆ పెద్దమనిషి కారు బెజవాడ పటమట సిగ్నల్ దగ్గర మూడుసార్లు ఆగిపోయిన సంగతీ, వెనక ఆటోవాళ్లు తమ భాషలో ఆశీర్వదించిన సంగతీ ఆ సభలో ప్రస్తావనకు రావు.

ఈ సరదాకి మూలం టర్బో. మామూలు ఇంజన్‌కి బలం పెంచాలంటే విప్పాలి, కోయాలి, కొత్త సామాను కొనాలి. టర్బో ఇంజన్‌కి అదేం అక్కర్లేదు. లాప్‌టాప్ తగిలించి బూస్టు పెంచితే మనవాడు టిఫిన్ చేసి వచ్చేలోపు టార్కు పెరిగి ఉంటుంది. ఒక లీటరు టీఎస్‌ఐ పోలో కంపెనీ నుంచి 110 పీఎస్, 175 న్యూటన్ మీటర్లతో వచ్చేది. ఐ20 ఎన్ లైన్ టర్బోది 172. రీమ్యాప్‌తో వీటిని 200 దాటించడం పెద్ద విద్యేం కాదు. పైగా టర్బో టార్కు మెల్లమెల్లగా పెరిగే రకం కాదు. 1500 ఆర్‌పీఎమ్ దాకా నిద్రపోయి, ఆ తర్వాత ఒక్కసారిగా లేచి మొత్తం బరువు తెచ్చి క్లచ్ నెత్తిన పెడుతుంది. కంపెనీవాళ్లు క్లచ్‌కి కొంత అదనపు బలం ఉంచే పంపిస్తారు. ఆ అదనం కూడా అయిపోయిందంటే జారుడు మొదలు.

జారుతోందో లేదో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞుడు అక్కర్లేదు. పెనమలూరు దాటాక రోడ్డు ఖాళీగా ఉన్నచోట నాలుగో గేర్లో 2000 ఆర్‌పీఎమ్ దగ్గర యాక్సిలరేటర్ నిండా తొక్కితే చాలు. ముల్లు పైకి ఎగిరి, కారు మాత్రం ఉన్న వేగంలోనే ఉంటే క్లచ్ జారుతున్నట్టే. ఈ పరీక్ష చేసి వచ్చేవాళ్లు పదిమందిలో ఒకడుంటే గొప్ప. మిగతావాళ్లు రీల్స్‌లో చూసి వస్తారు.

ఆటోనగర్‌లో ఒక మేస్త్రి దగ్గర జరిగే సంభాషణ సుమారుగా ఇలా ఉంటుంది.

“బాబాయ్, స్టేజ్ త్రీ వేస్తే ఎన్ని హార్స్‌పవర్లు పెరుగుతాయి?”

“క్లచ్ వేస్తే పవర్ పెరగదయ్యా.”

“మరి స్టేజ్ ఫోర్?”

ఆ మేస్త్రి మొహంలో అప్పుడు కనిపించే శాంతం తపస్సు చేసినవాళ్లకు కూడా రాదు. ఆటోనగర్ పుట్టింది లారీల కోసం. కైకలూరు చేపల్ని ఐసులో పేర్చి బెంగాల్, అస్సాం దాకా మోసే బండ్లు, గుడివాడ బియ్యం మోసే బండ్లు క్లచ్ దింపించుకోవడానికి వచ్చేది ఆ వీధుల్లోకే. లారీ ఓనరు వచ్చి క్లచ్ పోయిందంటే మేస్త్రి మొదట అడిగేవి రెండే: ఏం లోడు, ఏ రూటు? ఆ రెండూ తెలిస్తే ప్లేటు సైజు, లైనింగ్, ప్రెషర్ ప్లేటు అన్నీ వాటంతటవే తేలిపోతాయి. అదే ప్రశ్న మన టర్బో వీరుణ్ణి అడిగితే నిజాయితీగా చెప్పాల్సిన జవాబు ఇది: లోడు నేనూ, నా ఫోనూ. రూటు కానూరులో ఇంటినుంచి బెంజ్ సర్కిల్ దాటి ఆఫీసు, ఆదివారం సినిమా. ఈ జవాబుకి సరిపడే క్లచ్ ఆ కారులోనే ఉంది, కంపెనీవాళ్లు బిగించి మరీ ఇచ్చారు. కానీ ఆ మాట చెబితే షాపు నడవదు.

క్లచ్ ఎంత టార్కు మోయగలదన్నది నాలుగింటి గుణకారం. లైనింగ్‌కున్న పట్టు, ప్రెషర్ ప్లేటు నొక్కే బలం, ప్లేటు సగటు వ్యాసార్థం, రాసుకునే ముఖాల సంఖ్య. అంతే. ఇందులో హార్స్‌పవర్ లేదు. స్టేజీ నంబరు అంతకన్నా లేదు. ఆ నంబర్లను ఏ ప్రమాణాల సంస్థా పెట్టలేదు. ఎవరి కంపెనీ నంబర్లు వాళ్లవి. ఒకడి స్టేజ్ టూ పక్కవాడికి స్టేజ్ వన్ కావచ్చు. అయినా పెట్టె మీద నంబరు పెద్దదైతే చాలు, ఆ క్లచ్ ఎన్ని న్యూటన్ మీటర్లు మోస్తుందని అడిగే పాపాన పోరు. బియ్యం కొనేటప్పుడు బస్తా ఎన్ని కిలోలని నాలుగుసార్లు అడిగే జాతి మనది. ఇక్కడ మాత్రం ఎందుకో మొహమాటం.

సిరామిక్ క్లచ్ చెడ్డదని కాదు. మామూలు ఆర్గానిక్ లైనింగ్ బాగా వేడెక్కితే పట్టు కోల్పోతుంది, పైపొర నున్నగా గాజుబారుతుంది. సిరామిక్ ఆ వేడికి తట్టుకుంటుంది. రేసులో మళ్లీ మళ్లీ గట్టిగా లాంచ్ చేసేవాడికి అది అవసరం. చిక్కంతా దాని స్వభావంలో ఉంది. పట్టుకుంటే పూర్తిగా పట్టుకుంటుంది, లేదంటే పూర్తిగా వదిలేస్తుంది, మధ్యేమార్గం తెలియదు. బెజవాడ ట్రాఫిక్‌లో డ్రైవింగ్ అంటేనే మధ్యేమార్గం. ఫ్లైఓవరు ఎక్కాల్సినవాళ్లు ఎక్కేసి పోగా కింద మిగిలిన మనం, బస్సు వెనక నాలుగడుగులు, ఆటో పక్కన రెండడుగులు, హాఫ్ క్లచ్ మీద బతుకుతాం. క్లచ్ పట్టుకోవడం ఎంత ముఖ్యమో, మర్యాదగా జారడం అంతకన్నా ముఖ్యం అన్నది కాళేశ్వరరావు మార్కెట్ సందులో ఒక్కసారి కారు నడిపినవాడికి తెలుస్తుంది.

పోనీ పట్టణం వదిలేసి ఊళ్ల వైపు వెళదామంటే డెల్టా అంతా బల్లపరుపు. బందరు దాకా కాలువ నీళ్లే తొందర పడకుండా పోతాయి. ఘాట్ రోడ్డంటే ఇంద్రకీలాద్రి మీదది, అక్కడ రేసు పెడితే అమ్మవారు ఊరుకున్నా పోలీసులు ఊరుకోరు. నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. ఆ వంద అందుకోవడానికి కంపెనీ క్లచ్ ఏనాడూ మారాం చేయలేదు.

అసలు పరీక్ష సంక్రాంతికి వస్తుంది. హైదరాబాదు నుంచి జనమంతా ఒకేసారి బయలుదేరితే పంతంగి టోల్‌గేటు దగ్గర వరస ఎంత పొడుగుంటుందో అందరికీ అనుభవమే. మనవాడు స్టేజ్ త్రీ కారులో భార్యనీ, అత్తగారినీ ఎక్కించుకుని ఆ వరసలో నిలబడ్డాడు. కదిలినప్పుడల్లా కారు ఎగిరి దూకుతుంది, ఆగినప్పుడల్లా అత్తగారి తల ముందు సీటుకి తగులుతుంది.

“బాబూ, బండికేమైనా జబ్బా?”

“లేదండీ అత్తయ్యగారూ, స్టేజ్ త్రీ అండీ.”

“అయ్యో! మరి డాక్టరు... అదే, మెకానిక్ ఏమన్నాడు?”

చిల్లకల్లు వచ్చేసరికి అల్లుడి ఎడమ మోకాలు పనిచేయడం మానేస్తుంది. పట్టు పెంచడానికి ప్రెషర్ ప్లేటు స్ప్రింగు గట్టిది వేశారు కాబట్టి పెడల్ తొక్కడం వ్యాయామమైపోతుంది. తొక్కి పట్టుకుని ఉన్నంతసేపూ ఆ బలమంతా క్రాంక్ షాఫ్ట్‌ని దాని పొడవు దిశలో తోస్తుంది. ఆ తోపుని మోసే థ్రస్ట్ బేరింగులు సన్నటివి. సిగ్నల్ దగ్గర క్లచ్ నొక్కి పట్టుకుని కూర్చునే మన అలవాటుకీ, ఈ గట్టి స్ప్రింగుకీ పెళ్లి చేస్తే పుట్టే బిడ్డ పేరు ఇంజన్ పని. నిజంగా ఎక్కువ టార్కు ఉన్న కారుకైతే రెండు ప్లేట్ల క్లచ్ ఉంది. రాసుకునే ముఖాలు రెండు నుంచి నాలుగవుతాయి, పెడల్ బరువు పెంచకుండానే మోసే శక్తి రెట్టింపవుతుంది. దాని ధర చెప్పగానే మాత్రం మనవాడికి కంపెనీ క్లచ్ మీద గౌరవం పుట్టుకొస్తుంది.

ఇక ఫ్లైవీల్. ఇది తేలికైతే కారు బాణంలా దూసుకుపోతుందని ప్రచారం. ఒకసారి లెక్క వేద్దాం. ఇరుసు నుంచి సగటున పది సెంటీమీటర్ల దూరంలో నాలుగు కిలోలు తగ్గించారనుకోండి. టైరు వ్యాసార్థం ముప్పై సెంటీమీటర్లు. మొదటి గేర్లో చక్రం ఒక చుట్టు తిరిగేలోపు ఇంజన్ 14 చుట్లు తిరుగుతుందనుకుంటే, కారు దాదాపు 85 కిలోలు తేలికపడినట్టు. బ్రహ్మాండం. కానీ ఈ లాభం గేరు నిష్పత్తి వర్గాన్ని బట్టి పడిపోతుంది. ఐదో గేర్లో ఇంజన్ మూడు చుట్లే తిరుగుతుందనుకుంటే మిగిలే లాభం నాలుగు కిలోలు. మొదటి గేర్లో లావుపాటి స్నేహితుణ్ణి దింపేసినంత, ఐదో గేర్లో వాడి చేతిలోని నూజివీడు మామిడిపళ్ల సంచి దింపినంత. ఆ స్నేహితుణ్ణి నిజంగానే దింపేస్తే అన్ని గేర్లలోనూ లాభం, ఖర్చు కూడా లేదు. ఈ సలహా ఏ ట్యూనరూ ఇవ్వడు.

అందులోనూ మన టర్బో కార్లలో చాలావాటికి మూడే సిలిండర్లు. క్రాంకు రెండు చుట్లు తిరిగేలోపు మూడంటే మూడుసార్లు పేలుతుంది ఇంజన్. ఆ మధ్య ఖాళీల్లో క్రాంకుని తిప్పుతూ ఉండేది ఫ్లైవీల్ బరువే. టర్బో లేవకముందు, అంటే సరిగ్గా మనం సిగ్నల్ దగ్గర కదిలే క్షణంలో, చిన్న ఇంజన్ దగ్గర సొంత బలం అంతంతమాత్రం. కారుని కదిలించడానికి ఫ్లైవీల్ దాచుకున్న శక్తే ఆదుకుంటుంది. దాన్ని చెక్కి పారేసి, ఆ తర్వాత కారు ఆగిపోతోందని పెట్రోలు బంకు మీద నేరం మోపుతారు.

కొన్ని కార్లకు రెండు ముక్కల ఫ్లైవీల్ ఉంటుంది, మధ్యలో స్ప్రింగులతో. లుక్ కంపెనీ 1985లో దీన్ని ఉత్పత్తిలోకి తెచ్చింది. ఇంజన్ కుదుపులు గేర్‌బాక్సు దాకా పోకుండా మింగేయడం దాని ఉద్యోగం. బరువని దాన్ని పీకేసి ఒంటిముక్క ఫ్లైవీల్ వేస్తారు, క్లచ్ ప్లేటులోనైనా స్ప్రింగులున్నాయా లేవా చూడరు. న్యూట్రల్‌లో నిలబెడితే గేర్‌బాక్సు గలగలా మోగుతుంది. ట్యూనర్‌ని అడిగితే అది రేసు కార్ల శబ్దమంటాడు. గేర్‌బాక్సు బేరింగ్ మార్చేవాడు మాత్రం ఇంకో మాటంటాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నవ్వకూడనిది ఒకటుంది. తేలిక ఫ్లైవీల్ కొనడానికి డబ్బుల్లేక, ఉన్నదాన్నే లేతు మీద పెట్టి తోడించుకునే రకం. గీతలు పడ్డ ముఖాన్ని కొలత ప్రకారం చదును చేయించడం ఎప్పటినుంచో ఉన్న పనే, తప్పులేదు. పోత ఇనుప ఫ్లైవీల్ వెనక ఇష్టమొచ్చినంత గీకడం వేరు. తిరిగే వేగం రెట్టింపైతే లోహాన్ని చీల్చే బలం నాలుగింతలవుతుంది. పగుళ్లు బయటికి కనపడవు. పగిలితే ఆ ముక్కలు గేర్‌బాక్సు డొప్పని చీల్చుకుని వస్తాయి, డ్రైవరు కాళ్లు ఉండేది దాని పక్కనే. అమెరికాలో రేసు క్లచ్‌లకీ, ఫ్లైవీళ్లకీ ఎస్‌ఎఫ్‌ఐ అనే సంస్థ ప్రత్యేకంగా ప్రమాణాలు పెట్టిందీ, కొన్ని తరగతుల రేసుల్లో క్లచ్ చుట్టూ ఉక్కు కవచం అడిగేదీ ఇందుకే. మనవాడి కవచం డాష్‌బోర్డు మీది ఆంజనేయస్వామి. ఆయనకి ఇప్పటికే చాలా పనులున్నాయి.

రేసు కోసమేనండీ అంటారు. ఏ రేసు? బెజవాడ చుట్టుపక్కల శాశ్వత రేస్ ట్రాక్ లేదు. పదహారో నంబరు హైవే పట్టుకుని నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు పోతే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై వస్తుంది. అక్కడికి తీసుకెళ్లి నడిపేవాళ్లు లేకపోలేదు, వాళ్లకు ఈ వ్యాసంతో పనిలేదు. తెలుగు నేల మీద ఒక ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు మాత్రం జరిగింది. 2023 ఫిబ్రవరి 11న, హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున. మనవాళ్లు ఆ రేసు చూసి వచ్చాకే ఆటోనగర్ దారి పట్టారని ఒక అనుమానం. అది ఫార్ములా ఈ. అన్నీ కరెంటు కార్లు. వాటిలో ఒక్కదానికీ క్లచ్ పెడల్ లేదు.

కొనాలనే నిశ్చయించుకున్నవాడికి ఆటోనగర్ పద్ధతే చెబుతాను. రీమ్యాప్ తర్వాత టార్కు ఎంతో కాగితం మీద రాయించుకోండి. దానికి ఐదో వంతో, నాలుగో వంతో కలిపి, అంతవరకు మోసే క్లచ్‌లలో అన్నిటికన్నా మెత్తనిది అడగండి. ఆర్గానిక్ లైనింగ్, స్ప్రింగులున్న ప్లేటు, ఫ్లైవీల్ కంపెనీది. రిలీజ్ బేరింగ్ కూడా ఆ పనిలోనే మార్పించేయండి, మళ్లీ గేర్‌బాక్సు దింపే కూలి తప్పుతుంది. ఇంత చెప్పాక మనవాడు అడిగే ప్రశ్న నాకు తెలుసు: “ఇది ఏ స్టేజీ కిందకి వస్తుంది సార్?”

ఇక ఆ స్టేజ్ త్రీ బిగించిన రోజు తీసేసిన కంపెనీ క్లచ్ ఏమైందని ఎవరూ అడగరు. అరిగిందే తక్కువ, పారేయడానికి మేస్త్రికి చెయ్యి రాదు. తుడిచి, గుడ్డలో చుట్టి, పై అరలో పెడతాడు. నాలుగు నెలలకి మనవాడు ఎడమ మోకాలికి పట్టీ కట్టుకుని వస్తాడు.

“బాబాయ్, కంపెనీ క్లచ్ సెకండ్ హ్యాండ్‌లో ఏమన్నా దొరుకుతుందా?”

మేస్త్రి పై అర వైపు ఒకసారి చూసి, ధర చెబుతాడు.