ప్రతి చుక్కలో చరిత్ర: టీకా తాత్పర్యం

అవతారిక: పటాన్‌చెరు దాటాక జాతీయ రహదారి పక్కన మొలిచిన గేటెడ్ కమ్యూనిటీల్లో ఒకదాని వాట్సాప్ గ్రూపులో, నీళ్ల ట్యాంకరు ఇంకా ఎందుకు రాలేదన్న గొడవ మధ్యలో, ఈమధ్య ఒక గద్యకావ్యం అవతరించింది. కవి యూరప్ యాత్ర ముగించుకొచ్చిన గృహస్థు. కావ్యం నాలుగే వాక్యాలు. వెంట ఫొటోలు బోలెడున్నాయి గాని, అవి వ్యాఖ్యానానికి లొంగవు.

మూలం: "ఆమ్‌స్టర్‌డామ్‌లో వారసత్వ బీరు ఫ్యాక్టరీని సందర్శించాం. ప్రతి చుక్కలో చరిత్ర ఉంది. జీవితంలో ఒక్కసారైనా చూసి తీరవలసిన చోటు. మన దగ్గర ఇలాంటివి ఎక్కడివి!"

ప్రతిపదార్థం: సందర్శించాం అంటే టికెట్టు కొని చూశాం. తక్కినవి తేలిక పదాలు, ఎవరికి వారు చెప్పుకోగలరు. 'వారసత్వ' అన్న విశేషణం ఒక్కటే కాస్త కఠినం. విదేశయాత్రలు చేసినవారి వాడుకలో అది వంతెనకూ అతుకుతుంది, బేకరీకీ అతుకుతుంది, మరుగుదొడ్డికి కూడా అతుకుతుంది. తాతగారి పెంకుటింటికి మాత్రం అతకదు. దాన్ని బిల్డరుకిచ్చి, వచ్చిన డబ్బులోంచే యాత్రకు బయల్దేరతారు.

పూర్వాచార్య స్మరణ: టీక రాయబోయేవాడు ఎవడైనా ముందు కొలిచారం వైపు తిరిగి దణ్ణం పెట్టుకోవాలి. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు. కాళిదాసు మూడు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిన మల్లినాథ సూరి ఇంటిపేరు కోలాచలం. ఆ ఊరే ఇప్పటి మెదక్ జిల్లాలోని కొలిచారం. 2016 అక్టోబరులో జిల్లాలు ముక్కలు కాకముందు అది సంగారెడ్డి కలెక్టరాఫీసు కింది ఊరు. భారతదేశంలో ఎక్కడ సంస్కృత కావ్యపాఠం జరిగినా, పిల్లవాడు శ్లోకం కింద వెతుక్కునేది ఈ మెతుకుసీమ పండితుడి మాటనే.

ఆయన రెండు నియమాలు పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయడు, అక్కర్లేనిది చెప్పడు. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటిదాన్ని శిరసావహిస్తున్నాడు. రెండోదాన్ని పాటిస్తే పత్రికకు పేజీలు మిగిలిపోతాయి.

ఈ స్మరణకు అసలు కారణం వేరే ఉంది. మాఘుడి శిశుపాలవధం పదో సర్గలో పానగోష్ఠి ఉంది. యాదవులు రాత్రిపూట భార్యాసమేతంగా మద్యం సేవించడం, మాట తడబడటం, అలకలు తీరడం, దాచిన గుట్లు బయటపడటం. కిరాతార్జునీయం తొమ్మిదో సర్గలోనూ ఇదే తంతు, అక్కడ తాగేది గంధర్వులూ అప్సరసలూ. ఈ ఘట్టాలకు మల్లినాథుడు రాసిన టీకలో సిగ్గుపడి దాటేసిన శ్లోకం లేదు, నోరూరి ఆగిపోయిన చోటూ లేదు. సంధ్యావందనం వర్ణించినా, మధుపాత్ర వర్ణించినా ఆయనకు ఒకటే: అన్వయం, కోశం, వ్యాకరణం, అలంకారం, తర్వాతి శ్లోకం. తాగుడు ఘట్టాలకు ఇంత నిబ్బరంగా అర్థం చెప్పిన వ్యాఖ్యాత ఇంటిపేరుగా మిగిలిన ఊరు ఈ పాత జిల్లాదే. తెలంగాణలో బీరు బట్టీలు ఎక్కువగా వెలసిందీ ఈ జిల్లాలోనే. ఈ రెండింటినీ కలిపి పర్యాటక శాఖ ఇంతవరకు ఒక కరపత్రమైనా వెయ్యలేదు.

శాస్త్రాంతర విచారం: మల్లినాథుడు రఘువంశ టీకలో కౌటిల్యుణ్ణి ప్రమాణంగా చూపుతాడు. అర్థశాస్త్రం తాళపత్రాలు 1905లో మైసూరులో ఆర్. శామశాస్త్రి చేతికి వచ్చి, 1909లో అచ్చయి, లోకం విస్తుపోవడానికి నాలుగైదు శతాబ్దాల ముందు సంగతి ఇది. అందుచేత బీరు విషయంలో కౌటిల్యుణ్ణి పిలవడం మల్లినాథ సంప్రదాయమే.

రెండో అధికరణంలో సురాధ్యక్ష ప్రకరణం ఉంది. నేటి ఎక్సైజ్ కమిషనరు, బెవరేజెస్ కార్పొరేషన్ ఎండీ, బ్రూవరీ మేనేజరు ముగ్గురూ కలిసి ఒక్క ఉద్యోగి అయితే సురాధ్యక్షుడు. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని ఆరు రకాలు. వీటిలో మేదకం ధాన్యంతో చేసేది, బీరుకు దగ్గరి చుట్టం. ద్రోణం నీళ్లు, అర్ధాఢకం బియ్యం, మూడు ప్రస్థలు కిణ్వం అని కొలతతో సహా చెప్పాడు. కిణ్వమంటే పులియబెట్టే ముద్ద. దానికి మినుములు ఒక ద్రోణం, పచ్చివైనా సరే ఉడికించినవైనా సరే, వాటికి తగిన బియ్యం, కొన్ని మూలికలు. అంటే మినుములూ బియ్యమూ కలిపి పులియబెట్టడం. ఇడ్లీ పిండికి దీనికి మధ్య ఉన్నది మూలికలూ, ఉద్దేశమూ మాత్రమే. పొద్దున్నే టిఫిన్ సెంటరులో కూర్చుని బీరును తిట్టే పెద్దలు ఈ సంగతి గమనించగలరు.

తాగే చోటు ఎలా ఉండాలో కూడా కౌటిల్యుడు చెప్పాడు. వేర్వేరు గదులు, ప్రతి గదిలో పడకా ఆసనమూ, సుగంధం, పూలమాలలు, నీళ్లు, అన్ని ఋతువుల్లోనూ సుఖంగా ఉండే ఏర్పాటు. ఇప్పుడు సంగారెడ్డి రోడ్డులో ఏ వైన్స్ పక్కకైనా వెళ్లి పర్మిట్ రూమ్ చూడండి. పైన రేకులు. మే నెలలో ఆ రేకుల కింద ఒక కాలు పొట్టిదైన ప్లాస్టిక్ కుర్చీ, తడి ఆరని బల్ల, నీళ్ల ప్యాకెట్టు, కాగితంలో ఉడికిన శనగలు. పాశమైలారంలో పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చిన బిహారీ కుర్రాడు సీసా మూతను బల్ల అంచుకు కొట్టి తీస్తాడు. ఆ సీసా ధరలో ప్రభుత్వానికి ఎంత పోతుందో కుర్రాడికి తెలియదు, కుర్చీకి నాలుగో కాలు కొనడానికి అది చాలదని మాత్రం కనబడుతూనే ఉంది. రెండు వేల ఏళ్ల కిందటి కఠినాత్ముడు, తాగేవాడి ఖర్చు లెక్కపెట్టడానికి గూఢచారిని పెట్టినవాడు, వాడికి పూలమాల కూడా పెట్టాడు. ఇప్పుడు లెక్క మిగిలింది, మాల పోయింది.

ఇంతకీ ఆమ్‌స్టర్‌డామ్ బీరు ఫ్యాక్టరీ ఏమైందని చదువరి అడగవచ్చు. అక్కడే ఉంది. దానికేమీ తొందర లేదు, 1988 నుంచి పనే లేదు.

వ్యాఖ్య: మూలంలో చెప్పిన బీరు ఫ్యాక్టరీ హైనెకెన్ వారిది. గెరార్డ్ హైనెకెన్ 1864లో ఒక పాత బ్రూవరీ కొని, 1867లో నగరం అంచున కొత్తది కట్టించాడు. నగరం పెరిగి దాన్ని చుట్టేసింది. 1988లో బట్టీ ఆర్పేశారు. 1991లో సందర్శకులకు తలుపు తీశారు. అక్కడ మెరుగు పెట్టిన రాగి గంగాళాలుంటాయి, వాటిలో బార్లీ ఉండదు. సందర్శకుణ్ణే బీరుగా భావించి వేడిచేసి, కుదిపి, సీసాలో పోస్తున్నట్టు భ్రమ కలిగించే ఆట ఒకటి పెట్టారు. చివర గ్లాసు చేతికిస్తారు. ఆ గ్లాసులోది మరో ఊళ్లో కాచినది. కనుక చుక్క ఒకచోటిది, చరిత్ర ఒకచోటిది. డబ్లిన్‌లో గిన్నెస్ వారు 2000లో తెరిచిన ఏడంతస్తుల దర్శనశాల కూడా ఒకప్పుడు బీరు పులియబెట్టిన భవనమే. అందులోనూ పని ఆగింది 1988లోనే.

ఆ 1988లోనే నైజీరియా బార్లీ మాల్టు దిగుమతిని నిషేధించింది. అక్కడి బ్రూవరీలు గత్యంతరం లేక జొన్నతో బీరు కాచడం నేర్చుకున్నాయి. జొన్న లాంటి మెట్టపంటల మీద పరిశోధించడానికి 1972లో వెలసిన ఇక్రిశాట్ ఎక్కడుంది? పటాన్‌చెరులో. జహీరాబాద్ నల్లరేగడి జొన్నకు పెట్టింది పేరు. సంగారెడ్డి బీరుకు మాత్రం బార్లీ రాజస్థాన్, హర్యానాల నుంచి లారీల మీద వస్తుంది. ఇది ప్రస్తుతానికి సంబంధం లేని విషయమని ఎవరైనా అంటే, వారసత్వమన్న మాట మొదట ఎత్తింది వ్యాఖ్యాత కాదు.

పూర్వపక్షం: పాతదై ఉండి, ఇప్పటికీ నడుస్తూ, లోపల చూడనిచ్చే బ్రూవరీ లోకంలో లేదా? ఉంది. చెక్ దేశంలో ప్ల్జెన్ పట్నం. 1838లో అక్కడి పౌరులు బీరు బాగాలేదని 36 పీపాలు టౌన్‌హాలు ముందు పారబోశారు. తర్వాత తామే బ్రూవరీ కట్టుకుని, జోసెఫ్ గ్రోల్ అనే బవేరియా వాణ్ణి పిలిపించారు. 1842 అక్టోబరు 5న తొలి దఫా కాచాడు. నేటికీ అక్కడే కాస్తున్నారు. సందర్శకుణ్ణి కిలోమీటర్ల కొద్దీ తవ్విన నేలమాళిగల్లోకి తీసుకెళ్లి, వడగట్టని బీరు ఓక్ పీపాలోంచి పట్టి ఇస్తారు. అంత గొప్ప బ్రూవరీ పుట్టింది జనం కోపంలోంచి.

ఇక్కడ కోపం కంపెనీకి వచ్చింది. తెలంగాణలో సీసా ఎవరు కాచినా కొనేది ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ ఒక్కటే, ధర చెప్పేదీ ప్రభుత్వమే. 2019-20 నుంచి ధర పెంచలేదని, బకాయిలు పేరుకుపోయాయని, 2025 జనవరి 8న యునైటెడ్ బ్రూవరీస్ సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ కంపెనీ బీరు కింగ్‌ఫిషర్ దొరకదన్న వార్త పొలిమేరలు దాటింది. పది పన్నెండు రోజుల్లో సరఫరా మళ్లీ మొదలైంది, ఫిబ్రవరి 11 నుంచి ధర 15 శాతం పెరిగింది. ఆ రెండు పక్షాల మధ్య జరిగిన బేరంలో, చివరికి డబ్బు కట్టేవాణ్ణి ఎవరూ పిలవలేదు. టౌన్‌హాలు ముందు పారబోయడానికి అతని చేతిలో సీసా కూడా లేదు.

"మన దగ్గర ఇలాంటివి ఎక్కడివి" అన్న వాక్యం: ఇది ఈ కావ్యానికి ప్రాణం. ప్రశ్నార్థకం లేకుండా ఆశ్చర్యార్థకం పెట్టడంలోనే కవి హృదయం తెలుస్తోంది. అయినా సమాధానం చెప్పాలి. థామస్ లీష్మన్ అనే స్కాట్లండ్ దొర దక్షిణాది బ్రూవరీలు అయిదింటిని కలిపి 1915లో యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. వాటిలో పాతదైన క్యాజిల్ బ్రూవరీ పుట్టుక 1857. అంటే హైనెకెన్ తన తొలి బ్రూవరీ కొనడానికి ఏడేళ్ల ముందు. ఆ కంపెనీకి సంగారెడ్డి జిల్లాలో బట్టీలున్నాయి. కార్ల్స్‌బర్గ్‌కు ఉంది, ఆన్‌హైజర్-బుష్ ఇన్‌బెవ్‌కూ ఉంది. ఇక అసలు విశేషం: 2021 జూన్‌లో హైనెకెన్ తన వాటాను 61.5 శాతానికి పెంచుకుని, యునైటెడ్ బ్రూవరీస్‌ను చేతిలోకి తీసుకుంది.

అన్వయం చెప్పుకుందాం. మన గృహస్థు అప్పు చేసి, వీసా కోసం వేలిముద్రలిచ్చి, రెండు విమానాలు మారి, ఎప్పుడో 1988లో ఆరిపోయిన బట్టీకి దండం పెట్టి వచ్చాడు. అదే యజమాని బట్టీ అతని ఇంటినుంచి కారులో వెళ్లేంత దూరంలో రాత్రింబవళ్లు మండుతోంది. అక్కడికి టికెట్టు లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు, ఎందుకొచ్చావంటాడు, చూడ్డానికంటే నవ్వుతాడు.

లోపల ఏం జరుగుతుందో శాస్త్రం చెబుతుంది గనుక తెలుసు. మాల్టును మరపట్టి వేడినీళ్లలో నానబెడతారు. తీపి నీళ్లు వడగట్టి హాప్స్ వేసి మరిగిస్తారు, చల్లార్చి ఈస్టు కలుపుతారు. సన్నటి అడుగున్న నిలువు ట్యాంకుల్లో రోజుల తరబడి పులుస్తుంది. సీసాల్లో నింపాక సుమారు 60 డిగ్రీల వేడినీటి జల్లు కింద నడిపిస్తారు. వడగట్టగా మిగిలిన బార్లీ పిప్పి పాడి పశువులకు దాణాగా పోతుంది. పాడైన సురను బండ్లెద్దులకూ పందులకూ పొయ్యమని కౌటిల్యుడు చెప్పనే చెప్పాడు. ఆ మాటకొస్తే, ఈ బ్రూవరీల వారసత్వం చేతికందిన స్థానికుల్లో గేదె ముందు వరసలో ఉంటుంది.

"ప్రతి చుక్కలో చరిత్ర": ఈ మాట నిజం, స్థలం మాత్రం తప్పు. లీటరు బీరుకు శుభ్రంగా నడిచే ఫ్యాక్టరీలో కూడా మూడు నాలుగు లీటర్ల నీళ్లు కావాలి. ఆ నీళ్లు మంజీరవి. 1965 నుంచి హైదరాబాదు దాహం తీర్చిన నది. 2016 వేసవిలో ఆ నది మీది సింగూరు జలాశయం అడుగంటి మొసళ్లు కూడా నీళ్లు వెతుక్కున్నప్పుడు, ఊళ్లకు ట్యాంకర్లు తిరుగుతుంటే బట్టీలకు నీళ్లెలా అందుతున్నాయని జనం గట్టిగానే అడిగారు. ఇక పటాన్‌చెరు కింద నక్కవాగు సంగతి. మందుల ఫ్యాక్టరీలు వదిలిన మురికి మీద 1990లో సుప్రీం కోర్టుకెక్కిన వ్యాజ్యం, హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్‌కు చేరి, 2017లో గాని తేలలేదు. ఆ వాగులో ఏ చుక్క ముట్టుకున్నా ఇరవై ఏడేళ్ల వాయిదాలు చేతికంటుకుంటాయి. అక్కడ ఫొటో దిగినవాళ్లు తక్కువ.

తాత్పర్యం: సంగారెడ్డిలోనూ ఒక సందర్శన పెట్టవచ్చు. రాగి గంగాళాలు అక్కర్లేదు. సింగూరు గట్టు మీద మొదలుపెట్టి, నీటి గొట్టం వెంట గేటు దాకా, గేటులోంచి బట్టీ దాకా, బట్టీ నుంచి గేదెల పాక దాకా, చివరికి శుద్ధి చేసిన నీళ్లు బయటపడే తూము దాకా నడిపిస్తే చాలు. అంత ధైర్యం ఎవరికీ లేదంటే చిన్న ఏర్పాటు ఒకటుంది. ప్రమాదకర వ్యర్థాలు వదిలే ఫ్యాక్టరీలు ఆ లెక్కలు గేటు బయట బోర్డు మీద రాయాలని సుప్రీం కోర్టు 2003లోనే చెప్పింది. పటాన్‌చెరు, పాశమైలారాల్లో అలాంటి బోర్డులు కొత్తేమీ కాదు. బీరు గేటు ముందూ ఒకటి నిలబెట్టి మూడు అంకెలు రాస్తే సరి: ఇవాళ నదిలోంచి వచ్చిన లీటర్లు, సీసాల్లో వెళ్లిన లీటర్లు, తూములోంచి వదిలిన లీటర్లు. రాత్రి షిఫ్టు దిగే వాచ్‌మన్ చేతికి ఒక సుద్దముక్క ఇస్తే లెక్క రోజూ మారుతుంది. దానికి టికెట్టు పెట్టనవసరం లేదు.