ఐదిళ్ల జోలె

నగర శివార్లలో మేముండే దేవరయాంజాల్ చుట్టూ ఎటు చూసినా ఇప్పుడు ప్రహరీ గోడలే. విల్లాల గేటు ముందు స్కూలు బస్సు ఆగితే, పిల్లవాణ్ణి దించుకోవడానికి తల్లి ఒకరు, ఆయా ఒకరు. అక్కడి నుంచి ఇల్లు నూరడుగులు.

డిజైన్ చదువుతున్న నా మనవరాలు మొన్న ఒంటికి ప్రహరీ లాంటి కోటు ఒకటి కుట్టి తెచ్చింది. దాన్నిండా పరుపుకు కూరినంత దూది. "తొడుక్కో తాతా" అంది. తొడుక్కుంటే చేతులు లేవలేదు, మెడ తిరగలేదు. లోపల మాత్రం వెచ్చగా, హాయిగా ఉంది. ఆ హాయికే భయం వేసింది నాకు. చూడవచ్చినవాళ్లు ఒక్కో ముడీ విప్పాలట. విప్పినకొద్దీ దూది రాలి, లోపలి గుడ్డ మీది రాతలు బయటపడతాయి: చావు కబురు, ఆసుపత్రి బిల్లు, అప్పు కాగితం. తొడుక్కున్నవాళ్లు వాటిని పైకి చదవాలి.

ఇలా తొడుక్కునే కళ కొత్తది కాదట. బ్రెజిల్‌లో హీలియో ఓయిటిసికా అనే కళాకారుడు 1964లో 'పరాంగోలె' అనే అంగీలు మొదలుపెట్టాడట. ఎవరో ఒకరు తొడుక్కుని ఆడితే తప్ప అది కళే కాదన్నాడట. 1965లో వాటిని తొడుక్కున్న మాంగేరా బస్తీ సాంబా కళాకారులను రియో మ్యూజియం లోపల ఆడనివ్వలేదని పిల్ల బాధపడుతూ చెప్పింది.

అది విని, మా అమ్మ నాకు వేసిన వేషం గుర్తొచ్చింది. ఆరేళ్లప్పుడు నాకు జ్వరం ఎంతకీ తగ్గకపోతే, బిడ్డ బతికితే ఫకీరును చేస్తానని పీర్లకు మొక్కిందట. మేము హిందువులమే. మా పల్లెల్లో పీర్ల పండుగ అందరిదీ, పీరయ్య అనే పేరు ఇంటింటా ఉండేది. మొహర్రం నాడు తలంటు పోసి, మెడలో రంగుదారాల దండ వేసి, భుజాన జోలె తగిలించి, ఐదిళ్లు అడుక్కురమ్మంది. తను వెంట రాలేదు.

మొదటి ఇంట్లో గుప్పెడు బియ్యం పోశారు. రెండో ఇంట్లో గింజ లేదు. ఆ ఇల్లాలు చేట దులిపి చూపించి, అయినా ఫకీరును ఉత్త చేతులతో పంపకూడదని పొయ్యి మీది గటక ఒక ముద్ద తీసి నా జోలెలో పెట్టింది. పొయ్యి పక్కన నా ఈడు పిల్ల ఆ ముద్దనే చూస్తోంది. మా ఇంట్లో గాదె నిండా వడ్లున్న రోజులవి. ఆ ముద్ద వెనక్కి ఇవ్వాలో, తీసుకోవాలో తెలియక ఏడ్చేశాను. అటు తర్వాత అన్నం వదిలేసి లేచినప్పుడల్లా ఆ పిల్ల కళ్లే.

ఆ సాయంత్రం అలావ, అంటే పీర్ల ముందు నిప్పుల గుండం దగ్గర పులివేషం. ఒళ్లంతా పసుపు పట్టీలు, నల్ల పట్టీలు, డప్పు మోత. పులి మీదికి ఉరికితే ఆ ఏడు అమ్మ కొంగులోకి దూరాం. రెండో ఏడు తోక పట్టుకున్నాం. బోనాలకు పోతరాజు మేక గొంతు పళ్లతో కొరికి గావు పట్టడం చూశాం. మా తాత పాడె ముందు పేలాలు చల్లుతూ నడిచాం. పిల్లలమని ఎవరూ మా కళ్లు మూయలేదు.

ఇప్పుడూ పిల్లలకు వేషాలున్నాయి. అద్దె కిరీటంతో స్టేజీ ఎక్కించి రెండు వాక్యాలు చెప్పించి ఫోటో తీస్తారు. ఆ వేషంతో పిల్లలు ఎవరి గడపా తొక్కరు. చావును కూడా దాచేస్తున్నారు. మా లైనులో ఒక పెద్దాయన పోతే, ఆయన మనవడికి తాత అమెరికా వెళ్లాడని చెప్పారు. వాడు రోజూ ఫోనులో తాతను చూపించమంటున్నాడు. దీన్ని ప్రేమ అనడానికి నాకు నోరు రాదు. అలాగని లారీల రోడ్డు మీదికి పిల్లల్ని వదలమని నేననను. బావిలో ఈత నేర్పేటప్పుడు మా నడుముకూ సొరకాయ బుర్రలు కట్టేవాళ్లు. నాలుగో రోజు విప్పేసేవాళ్లు.

వచ్చే మొహర్రంకు చిన్న మనవడికి జోలె వేద్దామని కోడలిని అడిగాను. "ఎవరిళ్లకు పంపుతాం మామయ్యా? పక్కింట్లో ఎవరుంటారో నాకే తెలీదు" అంది. మనవరాలు కోటు గుడ్డతోనే జోలె కుడతానంటోంది. ఐదిళ్లు వెతికే పని నాది.