మూడో ఫొటో ఎవరు తీస్తారు?

పడమటి ప్రకాశంలోని చంద్రశేఖరపురంలో శిథిల నగర సందర్శన మొదలుపెడదామంటే ముందుగా వచ్చే అభ్యంతరం, అసలక్కడ నగరమెక్కడుందని. నగరంతో పనేముంది? ఒక నగరం పుట్టి, పెరిగి, నాలుగు రాళ్లు సంపాదించి, చితికిపోయి, ఆపైన పాడుబడాలంటే తరాలు పడుతుంది. అంత ఓపిక అమెరికావాళ్లకు ఉందేమోగానీ మనకు లేదు. డెట్రాయిట్‌లో మిషిగన్ సెంట్రల్ అనే రైల్వే స్టేషన్‌ను 1913లో తెరిచారు. 1988లో అక్కణ్నుంచి ఆఖరి రైలు వెళ్లిపోయింది. అంటే పాడుబడే అర్హత సంపాదించడానికి ఆ భవనం 75 ఏళ్లు ఒళ్లొంచి పనిచేసింది. ఆ తర్వాత గానీ దాని పగిలిన కిటికీల కోసం దేశదేశాల ఫొటోగ్రాఫర్లు ఎగబడలేదు. 2010లో ఇద్దరు ఫ్రెంచి ఫొటోగ్రాఫర్లు, ఈవ్ మర్షాన్, రొమేన్ మెఫ్ర్, ఆ ఊరి శిథిలాలన్నిటినీ కలిపి పెద్ద పుస్తకమే వేశారు. మనకు ఇంత ప్రయాస అక్కర్లేదు. పిల్లర్లు లేచి, స్లాబు పడక, చువ్వలు తుప్పుపట్టి, గదుల మధ్య చిల్లచెట్లు మొలిచిన సర్కారు భవనం ఒక్కరోజు కూడా పనిచేయకుండానే డెట్రాయిట్ హోదా అందుకుంటుంది. బాల్యం, యవ్వనం అనే దండగమారి దశలు లేకుండా నేరుగా వృద్ధాప్యంతో మొదలయ్యే కట్టడాలు మనవి. వాటిని కెమెరాలో పట్టేవాళ్లు లేకపోవడమే లోటు.

శిథిలాలనే కాదు, అందవికారమైన భవనాలను కూడా వెతికి పట్టుకుని దండించే ఆచారం బయటి దేశాల్లో బాగానే ఉంది. బ్రిటన్‌లో ఒక వాస్తుశిల్ప పత్రిక 2006 నుంచి చాలా ఏళ్లపాటు ఏటా అతి వికారమైన కొత్త కట్టడానికి కార్బంకుల్ కప్ అని ఒక బహుమతి ఇచ్చింది. 2015లో అది లండన్‌లోని వాకీ టాకీ అనే ఆకాశహర్మ్యానికి దక్కింది. దాని అద్దాల గోడ పుటాకారంలో వంగి ఉండటంతో 2013 వేసవిలో ఎండంతా ఒక్కచోటికి చేరి, కింద వీధిలో ఆపిన జాగ్వార్ కారు భాగాలు కరిగిపోయాయి. లండన్‌కు ఎండ కొత్త కాబట్టి అది వార్త అయింది. మే నెలలో మార్కాపురం బస్టాండు ముందు ఆపిన బండి సీటు మీద కూర్చున్నవాడికి ఏ ఆకాశహర్మ్యం సాయమూ అవసరం లేదు. మన హైదరాబాద్‌లో జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు 2012లో చేప ఆకారంలో ఆఫీసు కట్టుకుంది. ప్రపంచంలోని వింత భవనాల జాబితాల్లో అది తరచూ కనిపిస్తుంది. నవ్వేవాళ్లు నవ్వనీ, ఆ భవనంలో నిజాయితీ ఉంది: లోపల ఏ శాఖ ఉందో బోర్డు చదవకుండానే చెప్పొచ్చు. పైగా లోపల మనుషులు కూర్చుని పని చేస్తున్నారు. చూపుకు వికారంగా ఉండి పనికొచ్చే భవనంతో తగువు పెట్టుకోవడం పొద్దుపోనివాళ్ల పని. అందం సంగతి అభిరుచికి వదిలేయొచ్చు. వదలకూడనిది చూపుకు బాగానే కట్టి, రిబ్బను కత్తిరించి, ఆపైన గాలికి వదిలేసినదాన్ని.

ఇక్కడే రెండో అభ్యంతరం కాచుకుని ఉంటుంది. పల్లెల్లో, చిన్న పట్నాల్లో గోడలకు పూత లేని ఇళ్లు, డాబా మీద ఆకాశంలోకి లేచిన చువ్వలు, సగంలో ఆగిన మెట్లు, వీటిని కూడా ఫొటోలు తీసి వెక్కిరిస్తారా అని. ఎంతమాత్రం తీయకూడదు. ఆ చువ్వలు పెద్దకొడుక్కి పెళ్లయితే వేయబోయే పై అంతస్తు తాలూకు ఆశ. పూత లేకపోవడం మిరప ధరో, వడ్డీ రేటో చెప్పే లెక్క. సొంత డబ్బుతో కట్టుకున్నవాడు ఎప్పుడు పూర్తిచేసుకుంటాడో అది అతని ఇష్టం, అతని అప్పు. కాబట్టి మన ఫొటోగ్రాఫర్‌కు ఉండాల్సిన నియమం ఒక్కటే: జనం సొమ్ముతో కట్టిన గోడ మీదే ఫోకస్ పెట్టాలి. ఈ ఒక్క నియమం పాటించినా కెమెరా మెమొరీ కార్డు చాలదు.

అయితే మన ప్రభుత్వాలకు ఫొటోలంటే పడదని అపోహ పడొద్దు. దేశంలో ప్రభుత్వాన్ని మించిన ఫొటోగ్రాఫర్ లేడు. పేదల ఇళ్ల పథకాల్లో పునాది ఫొటో, గోడల ఫొటో, కప్పు ఫొటో, ప్రతిదీ అక్షాంశ రేఖాంశాలతో సహా అప్‌లోడ్ అయితే తప్ప బిల్లు కదలదు. ఉపాధి హామీ కూలీల హాజరుకు 2021లో యాప్ తెచ్చి, 2023 జనవరి నుంచి పూటకో ఫొటో తప్పనిసరి చేశారు. 2025 జులైకల్లా కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే తల పట్టుకుని సర్క్యులర్ ఇచ్చుకోవాల్సి వచ్చింది: పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారు, ఫొటోకే ఫొటో తీసి పంపుతున్నారు అని. ఫొటోకు ఫొటో తీయడం ఆధునిక కళలో పెద్ద పేరున్న ప్రక్రియ. మనవాళ్లు ఏ ఆర్ట్ కాలేజీ గడపా తొక్కకుండా దాన్ని సాధించారు. అన్నిటికంటే గొప్పది అప్పటి మన ప్రకాశం జిల్లాలోనే పుట్టింది. 2019 నవంబర్ 14న ఒంగోలులో మొదలైన బడుల బాగుచేత పథకానికి పేరే నాడు-నేడు. బాగుచేయకముందు బడి ఎలా ఉందో ఒక ఫొటో, చేశాక ఎలా ఉందో ఒక ఫొటో, పక్కపక్కన పెట్టి జనానికి చూపించాలన్నది ఆలోచన. ఆలోచన బంగారం లాంటిది. రాష్ట్రమంతా ఎన్నో బడులకు బెంచీలు, ఫ్యాన్లు, నీళ్లొచ్చే మరుగుదొడ్లు వచ్చింది కూడా దాంతోనే. రెండో విడతలో మొదలుపెట్టి మధ్యలో ఆగిన అదనపు గదులకు మాత్రం నాడూ నేడూ ఒకటే ఫొటో సరిపోయింది.

ఈ ఫొటోలన్నిటికీ ఒకే జబ్బు. బిల్లు పాసైన రోజుతో కెమెరా కళ్లు మూసుకుంటుంది. కొలతల పుస్తకం ఎం.బుక్‌లో రికార్డయింది, వినియోగ పత్రం యూసీ వెళ్లింది, ఇక ఆ భవనం ప్రభుత్వ దృష్టిలో అజరామరం. నిజంగా భవనం కథ మొదలయ్యేది ఆ తర్వాతే. చువ్వకు, బయటి గాలికి మధ్య ఉండాల్సినంత కాంక్రీటు లేకపోతే తేమ చేరి చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పైనున్న కాంక్రీటును నెట్టేస్తుంది. దాన్నే మనం పెచ్చులూడటం అంటాం. డాబా మీద వాలు సరిగా తీయకపోతే వాన నీళ్లు నిలిచి స్లాబు చెమర్చుతుంది, గోడ సందులో రావి మొక్క వేరు పెట్టుకుంటుంది. వీటన్నిటి కంటే పెద్ద కారణం కట్టేటప్పుడు నీళ్లు చాలకపోవడం. సాధారణ సిమెంటు కాంక్రీటుకు కనీసం వారం రోజులు తడి ఆరకుండా నీళ్లు కొట్టాలని, అంటే క్యూరింగ్ చేయాలని ప్రమాణాలు చెబుతాయి. పడమటి ప్రకాశంలో ఎండాకాలం తాగేవాటికే ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెడతారు, బోర్లలో ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్. అలాంటి చోట స్లాబుకు వారం రోజులు పట్టమంటే స్లాబుకే సిగ్గేస్తుంది. అదే అమరావతిలో చూడండి: ఐకానిక్ టవర్ల పునాదులు 2019 తర్వాత ఐదేళ్లపాటు నీళ్లలో మునిగి ఉన్నాయి. 2024 ఆగస్టులో ఐఐటీ మద్రాసు నిపుణులు పునాదుల పటుత్వం పరీక్షించడానికి పడవెక్కి వెళ్లారు. వారం చాలనుకున్న క్యూరింగ్‌కు ఐదేళ్లిచ్చిన రాష్ట్రం ఇదే, వారం కూడా ఇవ్వలేనిదీ ఇదే. నీటి పంపకంలో పడమటి ప్రాంతానికి జరిగిన అన్యాయాల పట్టికలో దీన్నీ కలపాలి.

ప్రతి ప్రభుత్వ భవనంలోనూ పాడుబడని భాగం ఒకటుంది, శిలాఫలకం. అదీ న్యాయమే. నల్లరాయికి మన చీమకుర్తి ప్రపంచ ప్రసిద్ధం, అక్కడి గెలాక్సీ గ్రానైట్ విదేశాలకు ఓడలెక్కి పోతుంది. మంత్రిగారి పేరుకు గ్రానైట్, మనుషుల నెత్తి మీదికి ఇసుక పాలు ఎక్కువైన స్లాబు: ఏది ఎన్నాళ్లుండాలో ముందే నిర్ణయమైపోయిందన్నమాట. వెలిగొండ ప్రాజెక్టునే తీసుకుంటే 1996లో శంకుస్థాపన జరిగింది, 2024 మార్చిలో జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. అంకితమైన రోజున ఆ సొరంగాల్లో కృష్ణ నీళ్లు లేవు, అయినా శిలాఫలకం లోటు రాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న పెద్దలకు ముందుచూపు ఉంది. పేరే కాదు, రంగు కూడా ముందే నిర్ణయమవుతుంది. పంచాయతీ ఆఫీసులకు అప్పటి అధికార పార్టీ జెండా రంగులు వేస్తే 2020లో హైకోర్టు తీసేయమంది, సుప్రీంకోర్టు దాకా వెళ్లినా అదే మాట వచ్చింది. పెచ్చులూడుతున్న గోడకు ఏ రంగు వేయాలన్నది దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. పెచ్చు ఎందుకూడిందన్న ప్రశ్న మండల ఇంజినీరు టేబుల్ దాటి వెళ్లడం అరుదు.

కాలం గడిస్తే శిథిలమే అందమవుతుంది, మీ సర్కారు గోడలు కూడా రేపు చారిత్రక సంపద కావొచ్చు అనే రసికులు ఉంటారు. ఆధారంగా చంద్రశేఖరపురం మండలంలోనే ఉన్న భైరవకోనను చూపిస్తారు. ఒకే కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, పల్లవ శిల్పుల శైలి, పక్కన జలపాతం. పోలిక బాగుందిగానీ పని తీరు వేరు. కొండను తొలిచే శిల్పి కొత్తగా ఏదీ చేర్చడు, ఉన్నదాంట్లోంచి తీసేస్తూ పోతాడు. మన కాంట్రాక్టుల్లో కూడా తీసేయడమే ఉంది, కాకపోతే తీసేది సిమెంటులోంచి. ఇంకాస్త ఉత్తరానికి వెళ్తే కంభం చెరువు ఉంది. విజయనగర రాజుల కాలం నుంచి ఇప్పటిదాకా వానలు పడ్డ ఏడల్లా నీళ్లు ఆపుతూనే ఉంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. దాన్ని వందల ఏళ్లు నిలబెట్టింది వయసు కాదు. కట్ట తెగకుండా, తూము పూడకుండా తరతరాలు చూసుకున్న ఆయకట్టు రైతుల అవసరం. అవసరంతో పాటు మరమ్మతు ఉంటే కట్టడం ముసలిదవుతుంది, మరమ్మతు లేకపోతే శవమవుతుంది. రసికులు రెంటికీ ఒకే ఫొటో తీస్తారు.

డెట్రాయిట్ వాళ్ల ఫిర్యాదు మాత్రం గట్టిది, దాన్ని నవ్వి తోసేయలేం. మా ఊరి శిథిలాలు చూసి చొంగ కార్చుకుంటున్నారు, ఫొటోల్లో మనుషులే లేరు అని వాళ్లు మండిపడ్డారు. 1950లో 18 లక్షలు దాటిన జనాభా 2010కి తగ్గిపోయిన మాట నిజమేగానీ, అప్పటికీ ఏడు లక్షల పైచిలుకు అక్కడ కాపురాలు చేస్తున్నారు. పుస్తకాలు చూస్తే ఊళ్లో పావురాలు తప్ప ఏమీ మిగల్లేదనిపిస్తుంది. మిషిగన్ సెంట్రల్‌ను 2018లో ఫోర్డ్ కంపెనీ కొని బాగుచేసి 2024లో తెరిచింది కూడా. మనం ఆ తప్పు చేయనక్కర్లేదు, చేయడం కూడా కుదరదు, ఎందుకంటే మన శిథిలాల్లోంచి మనుషులు ఖాళీ చేయరు. పెచ్చులూడే స్లాబు కింద పెచ్చు పడే చోటు వదిలి బెంచీలు జరుపుకుని పిల్లలు కూర్చుంటారు. తలుపులు లేని ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ బీపీ చూస్తూనే ఉంటుంది. ఊరి పరువు పోతుందని భయపడేవాళ్లకు చెప్పాల్సింది ఇదే: ఫొటోలో మనిషి ఉంటే పోయేది ఊరి పరువు కాదు, శిలాఫలకం మీద పేరున్నవాళ్లది. వాళ్లకు అది పోగొట్టుకునేంత ఉంది.

కాబట్టి కావాల్సిందల్లా మూడో ఫొటో. నాడు అయింది, నేడు అయింది, రిబ్బను కత్తిరించిన మూడేళ్లకు అదే చోట నిలబడి అదే కోణంలో మరొకటి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. కాంట్రాక్టుల్లో లోపాలకు బాధ్యత వహించే గడువు ఒకటుంటుంది, అది తీరేదాకా కాంట్రాక్టరు డిపాజిట్‌లో కొంత సర్కారు దగ్గరే ఉంటుంది. ఆ డిపాజిట్ తిరిగి చేతికిచ్చే ముందు రోజు ఒకసారి ఫొటో తీస్తే, డాబా మీది రావి మొక్క సాక్ష్యం చెబుతుంది. ఆ మూడేళ్లకు తీసేది ఊరి జనం కోసం. మనిషి కూడా ఉన్నాడు: గ్రామ స్థాయిలో ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఉన్నాడు, అతని చేతిలో ఫోన్ ఉంది, ఫోన్‌లో జీపీఎస్ ఉంది, భవనం ఎక్కడుందో మొదటి రెండు ఫొటోల్లోనే ఉంది. ఇక పై అధికారుల నుంచి ఒకే ఒక్క జవాబు రావాలి, అది ఎలాగూ వస్తుంది: యాప్‌లో ఆ ఆప్షన్ లేదండీ. ఆప్షన్ పెట్టాలంటే టెండరు పిలవాలి, టెండరు ఖరారైతే ప్రారంభోత్సవానికి ముహూర్తం చూడాలి, ముహూర్తం కుదిరితే చీమకుర్తికి కబురు పెట్టాలి.