గిట్టుబాటు చూసుకోవద్దు

అమెరికా వెళ్ళొచ్చిన తల్లిదండ్రులను “మళ్ళీ ఎప్పుడు?” అని అడగండి. మోకాళ్ళు, బీపీ, ఇంటికి కాపలా... ఏదో ఒకటి చెబుతారు. వాళ్ళను నిజంగా వెనక్కి లాగేది పదహారు గంటల విమానం కాదు, అక్కడ గడిపిన ఆరు నెలలు. కొడుకూ కోడలూ ఆఫీసుకీ, పిల్లలు బడికీ వెళ్ళాక, కారు లేనిదే పాలడబ్బా కూడా తెచ్చుకోలేని డాలస్ శివారు వీధిలో, మనిషి అలికిడి లేని ఆ పగళ్ళు.

అందుకే రెండోసారికి నా మొదటి సలహా: టికెట్టు డబ్బులు గిట్టుబాటు చేసుకోవద్దు. అంత పోసి వెళ్ళాం కాబట్టి ఆరు నెలలూ ఉండాలన్న లెక్కే కొంప ముంచుతోంది. విమానాశ్రయంలో అధికారి ఆరు నెలలు రాసిస్తే అది గడువు. అన్నాళ్ళూ ఉండి తీరాలని కాదు. ఐదు వారాలుండి వచ్చేయండి. చుట్టాలు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఐదో వారంలో “తాతయ్యా, అప్పుడేనా?” అనే మనవరాలు ఆరో నెలలో అనదు. పాపం, దాని తప్పూ లేదు.

వేసవి సెలవుల్లో వెళ్ళకండి, జనవరిలో వెళ్ళండి. చలి అని హడలగొడతారు. అది చికాగో సంగతి. డాలస్‌లో జూలై మధ్యాహ్నం 35 డిగ్రీలు దాటడం మామూలే. మన ఎండలోంచి వాళ్ళ ఎండలోకి పోవడం దేనికి? జనవరి పగళ్ళు చాలావరకు 13, 14 డిగ్రీల దగ్గర ఉంటాయి, స్వెట్టరు వేసుకుని హాయిగా నడవచ్చు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టి రోజుల తరబడి కరెంటు పోయిన మాట నిజమే. అయినా నా ఓటు చలికాలానికే. అప్పుడు పిల్లలకు బడి ఉంటుంది కదా అంటారు. ఉండాలి. బడి నుంచి వచ్చేవాళ్ళ కోసం ఉప్మా చేసి ఎదురుచూస్తే పొద్దుకో ఆకారం వస్తుంది. సెలవుల్లో టాబ్లెట్ పట్టుకున్న పిల్లల పక్కన పొద్దంతా కూర్చుంటే రాదు.

నయాగరా, డిస్నీలాండ్ ఈసారి వద్దు. వాటికి బదులు అబ్బాయి ఇంటి దగ్గరి పబ్లిక్ లైబ్రరీకి రోజూ దింపమనండి. లోపలికి టికెట్టు లేదు, ఎంతసేపు కూర్చున్నా లెమ్మనరు. డాలస్ శివారు ఫ్రిస్కో లైబ్రరీలో డైనోసార్ అస్థిపంజరం నమూనా కూడా ఉంది. ఇంగ్లీషు రాకపోయినా బొమ్మల పుస్తకాలు తిరగేయండి. నాలుగు రోజులకు అక్కడి మనుషులు మిమ్మల్ని గుర్తుపట్టి పలకరిస్తారు. నాకు నయాగరా కన్నా ఆ పలకరింపు గొప్ప.

దారిలో ఆగాల్సివస్తే తక్కువసేపు ఆగే విమానం తీసుకోవద్దు. దోహాలోనో దుబాయ్‌లోనో నాలుగైదు గంటలుంటే మంచిది. పరుగు లేదు, కాళ్ళు సాగుతాయి. న్యూయార్క్, చికాగో వెళ్ళేవాళ్ళు అబుదాబీ మీదుగా వెళ్తే అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. దానికీ తీరిక కావాలి.

అధికారి ముందు ఇంగ్లీషు ముక్కలు బట్టీ పట్టకండి. “తెలుగు” అని ఒక్క మాట చెప్పి ఆగండి, ఫోన్‌లో దుబాసీ కావాలని అడగండి. హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వగలిగినప్పుడు ఇక్కడ మాత్రం బెరుకెందుకు?

పెట్టెలు సగమే నింపండి. గోంగూర పచ్చడి అక్కడి ఇండియన్ స్టోర్లో దొరుకుతుంది, బెల్టు మీంచి పెట్టె లాగలేక నడుము పట్టేస్తే మందు మాత్రం తేలిగ్గా దొరకదు. మందులు, డాక్టరు చీటీ చేతిసంచిలో ఉంచుకోండి.

తిరుగు టికెట్టు తేదీ సులువుగా మార్చుకునే రకం అసలు కొనవద్దు. కాస్త ఎక్కువిస్తే మార్చుకోవచ్చని అబ్బాయి అంటాడు. “వద్దు నాన్నా, ఆ డబ్బుతో వచ్చే ఏడు మళ్ళీ వస్తాం” అనండి.