కలిపే చేతికి దండం

ఢిల్లీలో కొలువైన భారత సైబర్ నేర సమన్వయ కేంద్రమా, ఒడిశాలోని బరంపురం తెలుగువాడి దండం అందుకో. నిన్ను పొగడడానికి కల్పనలు అక్కరలేదు, నీ చరిత్రే చాలు. 2018 అక్టోబరులో కేంద్ర హోంశాఖ 415.86 కోట్ల రూపాయల పథకంగా నీకు ప్రాణం పోసింది. 2020 జనవరి 10న నిన్ను ప్రారంభించారు. 2024 జూలై 1 నుంచి నీవు ఆ శాఖకు అనుబంధ కార్యాలయానివి. ఆరేళ్లలో ఇంత ఎదిగిన సర్కారు సంస్థలు ఎన్ని ఉంటాయి?

నీ మొదటి గుణం వేగం. 2021 ఏప్రిల్‌లో నీవు తెచ్చిన ఆర్థిక మోసాల ఫిర్యాదు వ్యవస్థకు 1930 హెల్ప్‌లైన్ నంబరు మీద కబురందితే చాలు, డబ్బు వెంట పరుగు మొదలవుతుంది. దొంగ ఆ సొమ్మును ఖాతా తరువాత ఖాతాలోకి చీల్చి పంపేలోగా బ్యాంకులకు సమాచారం చేరుతుంది. దొరికిన చోట దొరికినంత ఆగిపోతుంది. 2025 నడిమి నాటికి 17.82 లక్షలకు పైగా ఫిర్యాదుల్లో 5,489 కోట్లకు మించి కాపాడినట్టు ప్రభుత్వం లెక్క చెప్పింది. ఒక్క 2024లోనే జనం పోగొట్టుకున్నది 22,845 కోట్లు. నీ నాలుగేళ్ల కాపుదల అంతా కలిపినా ఆ ఒక్క ఏటి దోపిడీలో నాలుగో వంతుకు కాస్త తక్కువ. అయినా ఆపడంలో నిన్ను మించినవారు లేరు. ఆపిన సొమ్ము వెనక్కి రావాలంటే కోర్టు ఉత్తర్వు తేవాలన్న పద్ధతి ఏళ్ల తరబడి సాగింది. దొంగ చేతికి పోకుండా కాపాడావు, సొంతదారు చేతికి పోకుండా కూడా కాపాడావు.

రెండో గుణం, నీ చేయి పొడుగు. దొంగసొమ్ము నాలుగు ఖాతాలు దాటినా ఆ చేయి అక్కడిదాకా వెళ్తుంది. బరంపురంలో పట్టుచీర అమ్ముకున్న నేతగాడికి ఎవరో ఫోన్‌లో డబ్బు పంపారనుకో. ఆ సొమ్ము మూలం ఎక్కడో మోసం అయితే, అతని ఖాతా ఏ పాపమూ ఎరగకుండానే స్తంభించిపోతుంది. బిగించడానికి నిమిషాలు చాలు. విప్పించుకోవడానికి మాత్రం ముఖం ఎరగని మరో రాష్ట్రపు ఠాణాకు తన నిజాయితీని అతనే రుజువు చేసుకోవాలి. అంత పొడుగు చేయి తిరుగు ప్రయాణంలో అంత పొట్టిదైపోవడం నీ మహిమల్లో ఒకటి.

మూడో గుణం, నీవు అంతటా ఉండడం. మేవాత్, జామ్తాడా, అహ్మదాబాద్, హైదరాబాద్, చండీగఢ్, విశాఖపట్నం, గువాహటిలలో నీ ఉమ్మడి బృందాలున్నాయి. బరంపురం ఉన్న మా గంజాం జిల్లా నుంచి లక్షల మంది సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్నారు. మావాడు సూరత్‌లో మోసపోతే దగ్గర్లో నీ అహ్మదాబాద్ బృందం. అతని ఇంటికి దగ్గర్లో నీ విశాఖ బృందం. దొంగ జామ్తాడాలో ఉన్నా, మేవాత్‌లో ఉన్నా అక్కడా నీవే. ఇంత చక్కగా అతని దారి పొడవునా నిలబడ్డావు, కానీ నిలబడింది పోలీసుకు తోడుగా. అతను మాత్రం ఒక రోజు కూలి వదులుకుని సూరత్ ఠాణాకు వెళ్లాలి. అతని ఇల్లాలు గంజాంలో బ్యాంకు శాఖ మెట్లెక్కాలి. ఆ కష్టం తగ్గించాలనే నీవు 2025 మేలో, కాలు కదపకుండానే కేసు నమోదయ్యే ఈ-జీరో ఎఫ్‌ఐఆర్ తెచ్చావు. ఢిల్లీలో అది మొదలైనప్పుడు 10 లక్షలకు పైగా పోగొట్టుకున్నవారికే ఆ భాగ్యం. మగ్గం దగ్గర 12 గంటలు నిలబడేవాడు ఆ అర్హత సంపాదించాలంటే ఒక జన్మ చాలదు.

నాలుగోది, రాష్ట్రాల పట్ల నీ మర్యాద. ఒడిశాలో మోగిన 1930ని ఒడిశా పోలీసులకే అప్పగిస్తావు. సమాఖ్య నీతి అదే, కాదనను. కానీ మా సంగతి వేరు. 1936 ఏప్రిల్ 1న రాష్ట్రాల గీత మారి మేము మద్రాసు నుంచి ఒడిశాకు వచ్చాం. ఊళ్లు కదలలేదు, ఇంట్లో తెలుగు పోలేదు. బజారులో ఒడియా గలగలా మాట్లాడినా చదవడం రాని పెద్దవాళ్లు మాలో ఉన్నారు. నీవు పాటించే మర్యాద దొంగకు లేదు. మా బామ్మ భాష ఏదో ముందే కనుక్కుని తెలుగులోనే ‘అమ్మా’ అంటాడు, తెలుగులోనే అరెస్టు చేస్తానని బెదిరిస్తాడు. ఆమె కంగారులో తన గోడు చెప్పుకోవడానికి మాత్రం ఇంకో భాషలో మాటలు వెతుక్కోవాలి. పోయిన డబ్బును పట్టుకోవడానికి మొదటి గంటే ముఖ్యమని చెప్పేదీ నీవే.

అయిదోది, ముందుచూపు. 2024 సెప్టెంబరు 10న బ్యాంకులను, టెలికాం కంపెనీలను, పోలీసులను ఒకే చోట కూర్చోబెట్టే కేంద్రాన్ని తెరిచావు. అయిదేళ్లలో 5,000 మంది సైబర్ కమాండోలను తయారు చేస్తానన్నావు. ఆ ఏడు మేలోనే విశాఖ పోలీసులు ఒక ఘోరాన్ని బయటపెట్టారు. డేటా ఎంట్రీ కొలువులని నమ్మించి కుర్రాళ్లను కంబోడియాకు తరలించి, అక్కడ వాళ్లచేత మనవాళ్లనే దోపిడీ చేయించారు. మా తీరంలో చదువుకున్న పిల్లల విలువను ఆ ముఠాలు నీకంటే ముందే గుర్తించాయి. బరంపురంలో విశ్వవిద్యాలయం ఉంది, ఐసర్ ఉంది, ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి, సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కు ఉంది. ఆ పిల్లల మీద పెట్టుబడికి తావు వెతికే పని కూడా నీకు మిగల్చలేదు మేము.

నీకు చేతకాదనుకుంటే ఇలా అడిగేవాణ్ని కాదు. చేసి చూపించావు కనుకే అడుగుతున్నాను. 1930లో మాకు తెలుగు గొంతు వినిపించు. పదివేలు పోయినా పది లక్షలు పోయినా కేసు ఒకే తీరుగా కట్టించు. బిగించినంత వేగంగా విప్పించు, ఆపినంత వేగంగా తిరిగి ఇప్పించు. మా పిల్లలకు ముఠాలు కబురు పెట్టకముందే నీవు కబురు పెట్టు. బ్యాంకును, టెలికాంను, పోలీసును కలిపావు, పోగొట్టుకున్నవాణ్ని కూడా ఆ వరుసలో కూర్చోబెట్టు. అప్పుడు ఈ స్తుతిలో ఎంత వెతికినా నింద దొరకదు.